మొక్కు గడ్డం

పోయిన ఆదివారం యాప్రాల్‌లో మా మనవడి ఇంట్లో టీ తాగుతుంటే, వాడి భార్య ఫోను తెచ్చి నా ముందు పెట్టింది. వచ్చే పున్నమికి కాలనీవాళ్లంతా మినీ బస్సు మాట్లాడుకుని నల్లమలకు పోతున్నారట, దారిలో రెండు గుళ్లు, ఒక కొండ, చివర లోయలో జలపాతం చూపిస్తారట, సైనిక్‌పురి నుంచి నా వయసువాళ్లు కూడా వస్తున్నారు కాబట్టి నన్నూ రమ్మంది. ఫోనులో నీళ్లు దూకుతున్నాయి, కింద జనం కేరింతలు కొడుతున్నారు. నేను రానన్నాను. మోకాళ్ల నొప్పులా నానమ్మా అంటే కాదన్నాను, మరెందుకంటే చెప్పలేదు. నోటితో చెప్పడం నా వల్ల కాదు. రాయడం మాత్రం, యాభై దాటాక నేను ఆయాగా పనిచేసిన ఇంటి టీచరమ్మ పట్టుబట్టి నేర్పింది కాబట్టి, రాస్తున్నాను. ఆ లోయ పేరు రాయను. అక్కడ ఇప్పుడున్నవాళ్లకు ఆ సంగతితో సంబంధం లేదు.

మన ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది, సికింద్రాబాద్ స్టేషన్ గూడ్స్ షెడ్డు ముందు ఎడ్లబండ్లు ఎంత పొడుగు వరస కట్టేవో. ఆ వరసలో మా నాయనకూ చాచాకూ కలిపి ఒకటే బండి, ఎడ్లు మాత్రం చెరొకటి. చాచా ముస్లిం, మా గోడ పక్క ఇల్లే. వాళ్లకు పిల్లలు లేరు, అందుకని చాచీ పొద్దున్నే నన్ను కూర్చోబెట్టుకుని తల దువ్వేది. ఆ తలమీద ఒక మొక్కు ఉంది. నాకు నాలుగేళ్లప్పుడు అమ్మవారు పోసి బతకనన్నారట, అప్పుడు మా అమ్మ తన పుట్టింటి వైపు దేవుడికి, పాలమూరు జిల్లా లోయలో ఉన్న లింగమయ్యకు, నా వెంట్రుకలు ఇస్తానని మొక్కుకుంది. ఒక ఏడు వానలు లేక, ఒక ఏడు ఎద్దు కాలు విరిగి, తర్వాత రజాకార్ల భయంతో ఆగి ఆగి, చివరికి మిలిటరీ వచ్చి నిజాం రాజ్యం పోయిన మరుసటి ఎండాకాలంలో కుదిరింది. నాకప్పుడు పదేళ్లు.

చాచాకు ఆ దారిలో వేరే పని ఉంది. ఆయన ఒక్కగానొక్క చెల్లెలిని కల్వకుర్తి దాటాక ఒక పల్లెలో ఇచ్చారు, మిలిటరీ వచ్చినప్పటి నుంచి ఆమె కబురు లేదు. రజాకార్లు ఊళ్లమీద పడి ఏం చేశారో మీకు నేను చెప్పనక్కరలేదు, మన ఇళ్లన్నింటిలో ఆ కథలున్నాయి. మిలిటరీ వచ్చాక పల్లెల్లో ఆ పగ తీర్చుకున్నారు. తుపాకులు పట్టి తిరిగినవాళ్లు చాలామంది అప్పటికే పారిపోయారు కాబట్టి, చేతికి దొరికిన దూదేకులవాడి మీదా, గాజులమ్మేవాడి మీదా తీర్చుకున్నారు. ఈ రెండో సగం మాత్రం మనం ఎవరమూ చెప్పుకోము.

చాచా ఆ దారిన ఒంటరిగా పోతే తిరిగి రాడని అందరికీ తెలుసు. ఉపాయం మా నాయనదే. దేవుడికి మొక్కుకున్న మగవాళ్లు ఏడాదిపాటు కత్తి తగలకుండా జుట్టూ గడ్డమూ పెంచి, జలపాతం దగ్గర తీయించుకుంటారు. చాచాకు గడ్డం ఎలాగూ ఉంది. నొసట విభూతి పెట్టి, తలకు పసుపు గుడ్డ చుట్టి, పంచె కట్టించి, మా బావమరిది మల్లయ్య అని చెబితే అయిపోయిందన్నాడు. చాచీ ఒప్పుకోలేదు.

“గడ్డం పోతె మల్ల మొలుస్తది భాయ్, మనిషి పోతె యాడికెల్లి తెచ్చిస్తవ్?” అంది.

“నేను లేనా భాభీ, నా పాణం అడ్డమేస్త” అన్నాడు మా నాయన. ఆ మాట నేను గడపమీద కూర్చుని విన్నాను.

బండి ఆరు రోజులు నడిచింది. దారిలో మూడుచోట్ల కర్రలు, గొడ్డళ్లు పట్టుకున్న పడుచువాళ్లు అడ్డం వచ్చారు, మూడుచోట్లా మొక్కు మనిషని చెప్పగానే పక్కకు తప్పుకుని, ఒకచోటైతే చాచా కాళ్లకు మొక్కి బెల్లం ముక్క చేతిలో పెట్టారు. ఊరు దాటాక చాచా పగలబడి నవ్వి, “నన్ను దేవున్ని చేసినవ్ గదరా, ఇగ నాకు బీడీ ఎవడిస్తడు?” అన్నాడు. మొక్కు ఉన్నవాడు పొగ తాగకూడదు మరి. ఆ ఆరు రోజులూ ఆయన నవ్వింది అదొక్కసారే అనుకుంటాను.

చెల్లెలి ఊరికి పోయేసరికి ఆ ఇంటి గోడలు నల్లగా మిగిలి ఉన్నాయి, పైకప్పు లేదు. పక్కింటి ముసలామె మమ్మల్ని చూసి, ఎవరని కూడా అడగకుండా, బావి దిక్కు పోకండి అంది. ఆ బావిని మట్టితో పూడ్చి పైన ముళ్లకంప వేశారు. చాచా ఆ కంపను చూస్తూ నిలబడ్డాడు, మా నాయన ఆయన రెక్క పట్టుకుని లాక్కొచ్చాడు, ఎందుకంటే అక్కడ నిలబడి ఏడవడానికి మల్లయ్య అనేవాడికి కారణం ఉండకూడదు. బండి కదులుతుంటే ముసలామె మా అమ్మ చెవిలో చెప్పింది, పిల్లను ఎత్తుకుని ఒకామె అడవి వైపు పారిపోయిందనీ, చెంచువాళ్లు దాచారని అంటున్నారనీ. మేము మొక్కు తీర్చుకుని వచ్చేదాకా చెల్లెలి ఇంట్లోనే ఆగాల్సిన చాచా ఆ మాటతో లోయ దాకా వస్తానన్నాడు.

అచ్చంపేట దాటాక కొండమీద శివుడి గుడిలో ఒక పూట ఆగాము. రాతి పగులులోంచి చుక్క చుక్కగా కారే నీటిని అమ్మ నా నెత్తిన చల్లింది. అటు తర్వాత అంతా అడవే. లోయ అంచున బండి విప్పి, ఎడ్లను చెట్టుకు కట్టి, జనంతో కలిసి దిగాము. ఒక మనిషి పట్టేంత దారి, ఒకవైపు బండ, ఒకవైపు పాతాళం. దిగేవాళ్లంతా “వస్తున్నం లింగమయ్యా” అని అరుస్తారు, ఎక్కేవాళ్లు “పోయొస్తం లింగమయ్యా” అని అరుస్తారు, రెండు అరుపులూ రాళ్లకు తగిలి కలిసిపోతుంటాయి. చాచా కూడా అరిచాడు, బాగానే అరిచాడు.

కింద గుహలో పూజారి చెంచు మనిషి. చాచా ఆయన చెవిలో ఏదో అడిగాడు, ఆయన చాలాసేపు చాచా ముఖం చూసి, దీపావళి ముందు ఒకామె పిల్లతో వచ్చిందనీ, నెల్లాళ్లు గూడెంలో ఉంచి కృష్ణ దాటించి కర్నూలు వైపు పంపామనీ చెప్పాడు. నేను పక్కనే ఉన్నాను. చాచా ముఖం అప్పుడు ఎలా ఉందంటే, ఇన్నేళ్లకూ నాకు జలపాతం అంటే నీళ్లు గుర్తురావు, ఆ ముఖమే గుర్తొస్తుంది. చెల్లెలు బతికే ఉందన్న సంతోషంతో ఆయన నన్ను ఎత్తుకుని, నీళ్ల పక్క బండమీద కూర్చున్న మంగలి దగ్గరకు తీసుకుపోయాడు.

ముందు నా తల అయింది. తర్వాత చాచా కూర్చున్నాడు. ఆ మంగలి మంచివాడే, పొద్దుటి నుంచి వచ్చినవాళ్లందరినీ ఏదో ఒకటి అంటూ నవ్విస్తున్నాడు. చాచా గడ్డం తడిపి, బొటనవేలితో ముఖం పైకెత్తి, అందరికీ వినబడేట్టు అన్నాడు:

“ఏందన్నా, ఏడాది సంది కత్తి తగలలేదంటివి, మీసాన్ని ఎవలు గొరిగిన్రు? రాత్రి ఎలుక గిట్ల కొరికిందా?”

జనం నవ్వారు. నేనూ నవ్వాను. చాచా పెదవి మీది మీసాన్ని సన్నగా కత్తిరించుకునేవాడు, శుక్రవారం శుక్రవారం, వాళ్లలో చాలామందికి ఉన్న అలవాటే. దారిలో కూడా ఒక వాగు దగ్గర చిన్న కత్తెరతో కత్తిరించుకుంటుంటే నేను చూశాను, అమ్మ చూసింది, నాయన చూశాడు. పుట్టినప్పటి నుంచి చూస్తున్నదే కాబట్టి మా ముగ్గురిలో ఒక్కరికీ ఏమీ తట్టలేదు.

నవ్వినవాళ్లలో కర్ర పట్టుకున్న పడుచువాడొకడు నవ్వు ఆపి దగ్గరికొచ్చాడు. కర్ర కొనతో చాచా గడ్డం ఎత్తి చూశాడు. ఇంకో నలుగురొచ్చారు. పంచె లాగారు. అంతకన్నా రాయను.

“వీన్నెవడు దెచ్చిండు?” అని అడిగాడు కర్ర పట్టుకున్నవాడు. అందరూ మా నాయన వైపు చూశారు, ఎందుకంటే చాచా మాతో రావడం చూసినవాళ్లే. మా నాయన నోట్లోంచి మాట వెంటనే వచ్చింది, తడుముకోలేదు.

“నాకు తెల్వదు పటేలా. కల్వకుర్తి కాడ బండెక్కిండు. మొక్కు మనిషంటె ఎక్కిచ్చుకున్న.”

అమ్మ నోరు తెరవబోతే నాయన ఆమె పాదం మీద తన పాదం వేసి తొక్కాడు. చాచా మమ్మల్ని చూడలేదు. కింద నీళ్లను చూస్తూ, “ఆల్లకు తెల్వదు. ఝూట్ మాట చెప్పి ఎక్కిన. పోనియ్యుండ్రి ఆల్లను” అన్నాడు. మంగలి కత్తి కింద పారేసి, నేను ఊకె అన్న, ఊకె అన్న అని ఏడుస్తూ ఒకడి కాళ్లు పట్టుకున్నాడు. వాడు అతన్ని తన్నాడు.

జలపాతం మోతలో మిగతా చప్పుళ్లు కలిసిపోతాయని మీరు అనుకుంటారు. కలవవు. కర్ర ఎముకకు తగిలిన చప్పుడు వేరు, రాయికి తగిలిన చప్పుడు వేరు, పదేళ్ల పిల్లకు కూడా తేడా తెలుస్తుంది. మొదట కర్రలు, తర్వాత అక్కడి రాళ్లే. ఆయన ఒక్కసారి అల్లా అన్నాడు, తర్వాత నోటినిండా రక్తం వచ్చి మాట పడిపోయింది. ఇంతకుముందు స్నానం చేస్తూ నవ్విన ఆడవాళ్లు పిల్లల్ని తీసుకుని అవతలి బండ ఎక్కి చూస్తూ నిలబడ్డారు. నా బోడిగుండు మీద వెచ్చగా ఏదో పడితే చేత్తో తుడుచుకున్నాను. పూజారి అడ్డం పోతే ఆయన్నీ కొట్టారు. మేము ఉండి చూస్తే అనుమానం వస్తుందని నాయన మమ్మల్ని దారిపట్టించాడు, అందువల్ల చివర ఏమైందో చూడలేదు.

ఎక్కేటప్పుడు అరవాలి కదా. అరవకపోతే ముందువాళ్లు వెనక్కి తిరిగి చూస్తారు. మా నాయన అందరికన్నా గట్టిగా, గొంతు చీరుకుపోయేట్టు “పోయొస్తం లింగమయ్యా” అని అరిచాడు. అమ్మ పళ్లు బిగించింది, అరువ్ అరువ్ అని నాయన ఆమె జబ్బ గిల్లాడు. నేను అరిచాను. నాకు భయం, అందుకని బాగా అరిచాను.

పైన చాచా ఎద్దు మా నాయన మాట వినలేదు. కాడి కిందికి రానంటే నాయన ముల్లుగర్రతో దాని తొడలు చిల్లులు పడేట్టు పొడిచాడు, అమ్మ వచ్చి కర్ర లాక్కుని విరిచి లోయలో పారేసింది. ఇల్లు చేరిందాకా వాళ్లిద్దరూ మాట్లాడుకోలేదు. చాచీకి నాయన చెప్పింది ఇది: చెల్లెలి జాడ దొరికింది, కృష్ణ దాటిందట, వెతకడానికి కర్నూలు పోయాడు. సగం నిజమే కాబట్టి చాచీ నమ్మింది. రెండేళ్లకు ఆ చెల్లెలు నిజంగానే పిల్లను తీసుకుని వచ్చి చాచీ దగ్గరే ఉండిపోయింది. అన్న రాలేదేమని అడిగి, ఇక ఇద్దరూ కలిసి ఎదురుచూశారు. మా నాయన బండి అమ్మేసి స్టేషన్లో హమాలీ పనికి పోయాడు, రోజూ వాళ్ల గుమ్మం ముందునుంచే పోయేవాడు, తలెత్తేవాడు కాదు.

నాయన పోయిన రోజున అమ్మ, శవం ఇంకా లేవకముందే, చాచీకి అంతా చెప్పేసింది. చాచీ అరవలేదు, శపించలేదు. ఒక్కటే అడిగింది: “మిట్టీ దక్కిందా ఆయనకు? నీళ్లల్ల వడేసిన్రా, మట్టి వెట్టిన్రా?” చెప్పగలిగినవాళ్లు లోయలో ఉండిపోయారు, మేము ఒక్కరోజు కూడా పోయి అడగలేదు.

మన ఈడువాళ్లు కలిసినప్పుడు, ఆ రోజుల్లో అందరం ఒక్క కుటుంబంలా ఉండేవాళ్లం అంటుంటారు. ఉన్నాం. ఒకే బండి తోలాం, ఒకే చేత్తో తల దువ్వించుకున్నాం. వీడు నీకేమవుతాడని ఒకడు కర్ర పట్టుకుని అడిగే రోజు వచ్చేదాకా ఉన్నాం. ఇప్పుడు మా మనవడి అపార్ట్‌మెంటులో అద్దెకు వచ్చినవాళ్లను ముందు పేరు అడుగుతారు, మర్యాదగా, ఏసీ గదిలో కూర్చోబెట్టి. గూడ్స్ షెడ్డు ముందు ఇప్పుడు బండ్లు లేవు, పైన ఫ్లైఓవర్, కింద ఆటోలు. మా రెండిళ్ల మధ్య గోడ ఉన్నచోట సెల్‌ఫోన్ల దుకాణం.

చాచీ పోయేముందు ఖబరస్తాన్‌లో తన పక్కన ఆయనకని ఒక మనిషి పట్టేంత జాగా వదిలించుకుంది. ఏడాదికొకసారి ఆటోలో పోయి చూసి వస్తాను. ఈసారి పోతే అక్కడ కొత్త సమాధి ఉంది, మట్టి ఇంకా తడి ఆరలేదు. కాపలా మనిషిని అడిగితే, “ఎన్నేండ్లు ఖాళీ పెడ్తం అమ్మా, జాగ యాడుంది?” అన్నాడు. అతని మాట తప్పు కాదు. నాలుగు అగర్‌బత్తీలు పట్టుకుపోయాను. రెండు చాచీకి గుచ్చాను. తక్కిన రెండింటిని చేతిలో పట్టుకుని కాసేపు నిలబడి, ఎవరో ఏమో, ఆ కొత్తాయన మట్టిలోనే గుచ్చి వచ్చాను.