టిక్కులు చదవకూడదు

ప్రెస్సులో అందరూ ఆవిణ్ణి టేపురికార్డరు అనేవారు. మొహం మీదే అనేవారు లెండి, ఆవిడా నవ్వేసేది. ప్రూఫులు చూసేచోట ఇద్దరు ఎదురెదురుగా కూర్చుంటారు. ఒకరు రాతప్రతి పట్టుకుని పైకి చదువుతారు, రెండోవారు అచ్చుకాగితం మీద దిద్దుతారు. ఆవిడ చదివే మనిషి. కామా వస్తే కామా అనేది, పేరా వస్తే పేరా అనేది. రాసినాయన తప్పు రాస్తే ఆ తప్పుని కూడా ఉన్నదున్నట్టు చదివేది. ఎదురుగా కూర్చుని దిద్దే మనిషిని ఎర్రపెన్ను అనేవారు. ఆవిడ పెళ్ళి చేసుకున్నదీ ఆయన్నే.

ఎర్రపెన్ను దగ్గర పట్టింపులకి కొదవలేదు. చదివేవాళ్ళు ఆలోచించకూడదట, ఆలోచిస్తే లేని అక్షరం ఉన్నట్టు చదివేస్తారట. అంచులో ఉండే టిక్కులు అసలే చదవకూడదు. టిక్కు పడిందంటే అది ఎవరో చూసి సరేనన్నది, దానితో మనకేం పని? ఆవిడ ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ అలాగే చదివింది.

రిటైరయ్యాక ఆయనకి చూపు పోయింది. మందులు వాడుతూ ఉండగానే మెల్లమెల్లగా పోయింది. నోరు మాత్రం ఎక్కడికీ పోలేదు. ఆవిడ చూపులేని పిల్లల బడి కోసం పాఠాలు చదివి కంప్యూటర్లో రికార్డు చేస్తూంటే, పక్కనే కూర్చుని "ఆ మాట మింగేశావు, మళ్ళీ చదువు" అంటూ ప్రాణం తోడేసేవారు. సైన్సులో గుండె పాఠం వచ్చినప్పుడు, చెడురక్తం గుండెలో కుడివైపుకి చేరుతుందని పుస్తకంలో ఉంటే, "అచ్చుతప్పు. ఎడమ అని చదువు" అన్నారు. ఆవిడ మారుమాట్లాడకుండా ఎడమ అనే చదివింది.

ఆ కంప్యూటరు కాస్తా ఓ పొద్దున లేవనని మొండికేసింది. కరెంటు పోయి వచ్చాక నల్లటి తెర మీద ఏవో నాలుగు ముక్కలు చూపించి ఊరుకుంది. దాంట్లో కంప్యూటర్ని నడిపించే లినక్స్ అనే సాఫ్ట్‌వేరు ఎక్కించింది ఆయనే, చూపున్న రోజుల్లో. ఇంటికి మధ్యగోడ కట్టి రెండు వాటాలు చేసినట్టు డిస్కుని రెండు పార్టిషన్లు చేశారు. మొదటిదాంట్లో లినక్స్, రెండోదాంట్లో పాఠాలు. ఇప్పుడు పాడైంది మొదటిది. దాన్ని ఫార్మాట్ చేసి, అంటే పూర్తిగా తుడిచేసి, మళ్ళీ లినక్స్ ఎక్కించాలి. రెండోదాని జోలికి మాత్రం పోకూడదు. ఏడాదిగా చదివిన పాఠాలన్నీ అందులోనే ఉన్నాయి, ఇంకెక్కడా కాపీ లేదు. పిల్లలకి పరీక్షలు దగ్గరపడ్డాయని బడి మేష్టారు పాఠాల కోసం మర్నాడే వస్తున్నారాయె!

"రిపేరతన్ని పిలుద్దామండీ" అందావిడ.

"అతనెందుకు? పెన్‌డ్రైవులో లినక్స్ ఉంది. నువ్వు చదువు, నేను చెప్తాను."

భోజనాలయ్యాక కూర్చున్నారు. పెన్‌డ్రైవు పెట్టాక భాషల్లో తెలుగు ఎంచుకోమన్నారాయన, ఎంచుకుంది. కాసేపటికి కంప్యూటరు అడ్డం తిరిగింది.

"మూల ఫైలు వ్యవస్థ నిర్వచించబడలేదు, చుక్క. దయచేసి విభజన పట్టిక నుండి సరిచేయుము, చుక్క" అని చదివింది.

"ఎవడోయ్ ఈ తెలుగు రాసింది? ప్రెస్సులో అయితే మొహాన కొట్టేవాణ్ణి!"

"తిట్లు తర్వాత. ఏం నొక్కమంటారు?"

"లినక్స్ ఎక్కడ పెట్టాలో దానికి మనం చెప్పలేదు. వెనక్కి వెళ్ళి మొదటి పార్టిషను వరసకి మూలం అని పెట్టు."

ఆవిడ చెయ్యి తడబడింది. "అయ్యో, రెండోదానికి పెట్టేశానండీ."

"కొంప మునిగిందేం లేదు. దాన్ని ఇల్లు అని మార్చు, పాఠాలు అక్కడ కనబడతాయి. మూలం మొదటిదానికి పెట్టు. అయిందా? చదువు."

"మొదటి వరస, మూలం. రెండో వరస, ఇల్లు. కింద ఇన్‌స్టాల్ అని మీట."

"బాగుంది. నొక్కు."

ఆవిడ నొక్కలేదు. వరసల చివర ఫార్మాట్ అనే గడి ఉంది, అందులో టిక్కున్న పార్టిషన్ని కంప్యూటరు తుడిచేస్తుంది. ఇందాక పొరపాటున మూలం అని పెట్టినప్పుడు రెండోదానికి దానంతటదే పడ్డ టిక్కు, ఇల్లు అని మార్చాక కూడా పోలేదు. చదివే మనిషికి టిక్కులతో పని లేదు. అయినా ఆవిడ వేలు ముందుకి కదల్లేదు.

"నొక్కావా?"

"ఇక్కడ టిక్కులు రెండున్నాయండీ."

"టిక్కులు చదవకూడదని ఎన్నిసార్లు..." అంటూనే ఆయన ఆగిపోయారు. "ఎక్కడ?"

"ఫార్మాట్ కింద. మొదటిదానికొకటి, రెండోదానికొకటి."

"తీసెయ్. రెండోదాని టిక్కు తీసెయ్ ముందు."

తీసేసింది. అప్పుడు మండింది ఆవిడకి ఒళ్ళు. "మీ పట్టింపులు పాడుగాను! నొక్కేసేదాన్ని కదండీ! ఏడాది చాకిరీ గంగలో కలిసిపోయేది. రేపా మేష్టారికి ఏం చెప్పేదాన్ని?"

ఆయన కుర్చీ దగ్గరికి జరుపుకున్నారు. తర్వాత గొంతు తగ్గించి అడిగారు. "ప్రెస్సులో కూడా నీకు తప్పులు కనబడేవా?"

"కనబడకేం?"

"నేను వదిలేసినవి?"

"అవీ కనబడేవి."

"మరి చెప్పలేదేం?"

"ఆలోచించొద్దన్నారుగా."

ఆయన చొక్కా జేబు తడుముకున్నారు. ఎర్రపెన్ను ఇంకా అక్కడే ఉంటుంది, అలవాటు. "పైనుంచి మళ్ళీ చదువు" అన్నారు. "టిక్కులతో సహా చదువు. నీకేమన్నా అనిపిస్తే అది కూడా చెప్పు."

ఆవిడ కళ్ళద్దాలు తుడిచి పెట్టుకుంది.

"అయితే ముందిది వినండి. గుండె పాఠంలో మీరు మార్పించింది తప్పు. పుస్తకంలో ఉన్నదే సరైనది, కుడివైపే. దీని పని అవగానే ఆ పాఠం మళ్ళీ చదువుతాను. పిల్లలు పరీక్షలో ఎడమ అని రాస్తారు, పాపం."