తెడ్డు పక్కన అట్టముక్క

దయ్యాల కథలు అల్లి నలుగురినీ బెదరగొట్టడం నాకు సరదా. వాటిని నమ్మే అలవాటు మాత్రం ఏనాడూ లేదు. మా ఊళ్ళో నా మాటలకి సగం తరుగు తీసి వింటారు. ఇది తరుగు లేకుండా రాస్తున్నాను.

నరసాపురం వైపు మా చిన్న ఊళ్ళో మ్యూజియం మొదలైన కొత్తల్లో, కాలవ లాకుల దగ్గర పాత బంగళాలో రెండే గదులు. జనం అటకల మీది పాత సామాన్లు తెచ్చి ఇచ్చేవారు. ఒక్కోదాని పక్కన అట్టముక్క మీద వివరం రాయడం, వచ్చినవాళ్ళకి చూపించడం నా పని. అక్కడ పనిచేసేది నేనొక్కణ్ణే.

చేపలమ్మే సత్తెమ్మ, చనిపోయిన తన భర్త తెడ్డు తెచ్చి ఇచ్చింది. పక్కన ఆయన పేరు రాయమంది, అంతే. సరేనన్నాను. కానీ మామూలు తెడ్డు చూడ్డానికి ఎవరొస్తారు? "రాజుగారి విహార నౌక తెడ్డు, మూడొందల ఏళ్ళ నాటిది" అని రాశాను. జనం వచ్చారు కూడా.

సత్తెమ్మకి చదువు రాదు. అప్పుడప్పుడు తట్ట గుమ్మం బయట దించి, చేతులు కడుక్కుని లోపలికి వచ్చేది.

"మా ఆయన పేరు ఓసారి చదవండి బాబూ."

అట్ట వంక చూస్తూ, లేనిది చదివేవాణ్ణి. "నూకరాజు తెడ్డు. ఎడమచేతి వాటం మనిషి. గోదారి ఆయన మాట వినేది."

"గోదారి విందో లేదో గానీ, నేను వినేదాన్ని కాదండి" అని నవ్వేది. అక్షరాల మీద వేలు ఆనించి చూసుకుని వెళ్ళేది.

మార్చి రాద్దామనుకుంటూనే ఏళ్ళు గడిపేశాను. ఆవిడ పోయింది.

మరుసటి నెల ఒక మధ్యాహ్నం, రామచంద్రపురం నుంచి రిటైరైన మాస్టారొకరు, చూపు ఆనని భార్యని వెంటబెట్టుకుని వచ్చారు. తెడ్డు ముందు నిలబడి ఆవిడకి చదివి వినిపిస్తున్నారు.

"నూకరాజు తెడ్డు. ఎడమచేతి వాటం మనిషి. గోదారి ఆయన మాట వినేది."

ఆ మాటలు నేను సత్తెమ్మ ముందు తప్ప ఎక్కడా అనలేదు. దగ్గరికెళ్ళి చూశాను. అట్ట మీద నేను రాసిన రాజుగారి నౌకే ఉంది.

ఎక్కడ చదివారని అడిగాను. మాస్టారు నన్ను ఎగాదిగా చూశారు.

"ఎదురుగా ఉందిగా అండీ. రాత మీదేనా? బాగుంది."

వెళ్తూ వెళ్తూ సందర్శకుల పుస్తకంలో "నూకరాజు గారి తెడ్డు చూశాం" అని రాసి, సంతకం పెట్టారు. ఆ పేజీ ఇప్పటికీ ఉంది.

ఆ సాయంత్రమే కొత్త అట్ట రాశాను. ఆయనకి అది ఎలా కనబడిందో ఈరోజుకీ చెప్పలేను. ఏదో ఒకటి అల్లి చెప్పబుద్ధీ కావడం లేదు.

ఇప్పుడు నూకరాజు పేరు ఉంది. ఓసారి చదవమని అడిగే మనిషి లేదు.