తూము కాడ చదివిన మా తాత కాగితం

మొన్న మంగళవారం మా తాత పరువు నా చేతులతోనే తీసిన భాయ్. సచ్చిపోయి నలభై ఏండ్లయిన మనిషి పరువు, ఊరందరి ముందట, ఒక ఇంజినీరు సారును కుర్చేసి కూసోబెట్టి మరీ తీసిన. చాయ్ తాగుకుంట వినున్రి, ఎట్లయిందో చెప్త.

నేను కోర్టుల కాపీయింగ్ సెక్షన్ల పనిచేసి రిటైరయిన, మీకెరుకే. నయాపూల్ మీదికెల్లి ముప్పై రెండేండ్లు పోయిన, వచ్చిన. కాగితం మొత్తం చదువకుండ సంతకం పెట్టకున్రి అని ఆడికొచ్చినోళ్లందరికి నేనే చెప్పేటోణ్ణి. గట్లాంటి నేను ఏం జేసిన్నో చూడున్రి.

ఊర్ల మాకు రెండెకరాలున్నది. మా తాత నర్సింలు దున్నిన భూమి. చిన్నప్పుడు దసర సెలవులకు అఫ్జల్‌గంజ్‌ల బస్సెక్కి బాపుతోని పోయేటోణ్ణి. తాత నన్ను కాలువ ఒడ్డు మీద కూసోబెట్టి, కాళ్లు నీళ్లల్ల పెట్టుకో బిడ్డా అనేటోడు. చేపపిల్లలొచ్చి వేళ్లు గీకుతుంటె నాకు కితకితలు. ఆయన పారతోని ఒక మడికెల్లి ఇంకో మడికి నీళ్లు మలుపుకుంట పోయేటోడు. నీళ్లు కొత్త మడిల జొచ్చినప్పుడు ఎండిన మట్టి ఒక సప్పుడు చేస్తది, మీరు విన్నరో లేదో. దాహమైనోడు గటగట తాగినట్టు. ఆ సప్పుడు ఇప్పటికి నా చెవులల్ల ఉన్నది.

తాత పోయినంక బాపు భూమిని కౌలుకిచ్చిండు. మాకొచ్చే పిల్లకాలువ మెల్లగ పూడిపోయింది. కౌలుదార్లు బోరు మీద మక్క ఏసుకున్నరు. రెండేండ్ల కింద బోరు గూడ ఎండింది. నాకేమో రిటైరయినంక ఒకటే కోరిక. తాత లెక్క కాలువ నీళ్లతోని ఒక్క పంటన్న వరి పండియ్యాలె.

ఇరిగేషన్ ఆఫీసుకు పోయిన. కాలువకు నీళ్లిచ్చే ఊరి చెరువు మరమ్మతు అయింది, ఏ పొలానికి నీళ్లియ్యాల్నో లిస్టు కొత్తగ రాస్తున్నరు. ఆడి ఇంజినీరు, ఏఈ సారు, చిన్న వయసాయిన, మర్యాదస్తుడు. కూసోబెట్టి చెప్పిండు.

“మీ సర్వే నంబరు ఆయకట్టుల లేదండి. కాగితాల మీద మీది మెట్ట భూమి. చెరువు దగ్గర ఉన్నంత మాత్రాన నీళ్ల హక్కు రాదు. పాతకాలంల మీకు వంతు ఉన్నట్టు ఏదన్న ఆధారం చూపియ్యాలె. లేకుంటె ఆ కాలువ మీది రైతులందరు ఒప్పుకోని సంతకాలు పెట్టాలె.”

సంతకాలంటె ముందుగాల మల్లయ్యది కావాలె. మా పొలానికి కాలువ ఆయన పొలంల నించే రావాలె కదా. పోయి అడిగిన. మల్లయ్య తలకాయ ఊపిండు. “అన్నా, నువ్వు చార్మినార్ కాడ ఉంటవు. ఆడ నల్లా తిప్పితె నీళ్లొస్తయి. ఈడ మాకే సాల్తలేవు, నీకు ఏడికెల్లి తెచ్చియ్యాలె?” అన్నడు. మళ్ల బస్సెక్కి ఇంటికొచ్చిన.

ఇగ ఆధారమొక్కటే దారి. ఇంట్ల బాపు ఇనుప సందుగ తీసి రెండు రోజులు దేవులాడిన. అడుగున, పాత ధోవతి గుడ్డల చుట్టి, ఒక కాగితం దొరికింది. మొత్తం ఉర్దూ. పైన గుండ్రటి మొహర్. కింద నల్లటి వేలిముద్ర. తాతకు సర్కారోళ్లు రాసిచ్చిన నీళ్ల పట్టా అనుకున్న.

మడతల కాడ చినుగుతుందని నయాపూల్ కాడ లామినేషన్ దుకాణానికి తీసుకపోయిన. దుకాణమాయినను జర చదువుమన్న. ఆయన అటు తిప్పి ఇటు తిప్పి, “అంకుల్, బహుత్ పురానా హాత్ హై, పూరా నై ఆతా. ఊపర్ ఆబ్‌పాషీ లిఖా హై. కిసీ బుజుర్గ్ కో దిఖా దేవ్” అన్నడు. పాత రాత, ఎవలన్న పెద్దమనిషికి చూపియ్యమని.

పైన రాసున్న ఆబ్‌పాషీ అంటె నీళ్ల పారకం. నాకు గంతే చాలు. “ఫికర్ నక్కో, లామినేట్ కర్ దేవ్” అన్న. మా గల్లీల ఉర్దూ చదివే పెద్దమనుషులు ఇంటికొకరున్నరు. ఒక్కల్ని గూడ అడుగలె.

మంగళవారం పొద్దుగాల చెరువు తూము కాడ ఏఈ సారు మీటింగ్ పెట్టిండు. ఇరవై మంది రైతులొచ్చిన్రు. నేను ఇస్త్రీ అంగీ ఏసుకోని, కాగితాన్ని పెండ్లి ఫోటో లెక్క రెండు చేతుల పట్టుకోని నిలబడ్డ. మల్లయ్య ముఖం జర చిన్నగయింది. నాకు మస్తు సంతోషమైంది, అబద్ధమెందుకు చెప్పాలె.

ఊర్ల ఉర్దూ చదివేటోడు ఖాజా సాబ్ ఒక్కడే. పాత ఉర్దూ సారు, ఎనభై దాటినయి. ఆయన కండ్లకు దగ్గర పెట్టుకోని మొదటి రెండు లైన్లు మనసుల చదువుకున్నడు. అద్దాల మీదికెల్లి నన్ను చూసిండు.

“బేటా, గట్టిగ చదవాల్నా?”

“గట్టిగనే చదువున్రి సాబ్. అందరికి వినబడాలె.”

ఖాజా సాబ్ గొంతు సవరించుకోని, ఒక్కో మాట తెలుగుల చెప్పుకుంట చదివిండు.

“నేను నర్సింలు, ఈ ఊరి రైతును, పటేల్ సాబ్ ముందట రాసిచ్చే ముచ్చలిక, అంటె ఒప్పుకోలు కాగితం, ఏందంటె, మొన్న రామయ్య పొలానికి వంతు నడుస్తుండంగ, మధ్యాహ్నం అందరు బువ్వకు పోయింది చూసి, కాలువకు అడ్డమేసిన మట్టి తీసి నీళ్లు నా మడికి మలుపుకున్న. దొరికిన. తప్పు ఒప్పుకుంటున్న.”

ముందుగాల వెనుకకెల్లి ఒకాయన దగ్గిండు. ఇగ తూము కాడ నవ్వు ఎట్ల లేసిందంటె, నీళ్ల మీద కొంగలు ఎగిరిపోయినయి. నాకు భూమిల జొచ్చిపోవాలె అనిపించింది. తాతకు చదువు రాదు, కని దేని మీద వేలేసిండో ఆయనకు ఎరుకనే. చదువొచ్చిన నాకే, నేను ఏం పట్టుకొచ్చిన్నో ఎరుక లేదు.

ఖాజా సాబ్ చెయ్యి లేపిండు. “ఇంకున్నది. వినున్రి. ‘ఇక మీద నా వంతు శుక్రవారం, పొద్దుగాల్ల నించి మధ్యాహ్నం దాక. దానికి మించి ఒక్క చెంబు నీళ్లు గూడ ముట్ట. ముడితె పటేల్ సాబ్ ఏ శిక్ష ఏసినా మంజూరే.’”

ఒక్క చెంబు అన్న మాట కాడ నా కండ్లల్ల నీళ్లొచ్చినయి. తాత పట్నమొచ్చినప్పుడు మా వాడకట్టుకు ఒకటే నల్లా ఉండె. బిందెల లైను. ముందటోళ్లు లేకున్నా సరే, మా అమ్మను బిందె జరుపనియ్యకపోయేటోడు. “మన వంతు రానీ బిడ్డా” అని నల్లా కాడ రాయి మీద కూసునేటోడు. వాడకట్టంత ఆయనను దేవుడసొంటోడు అనేది. ఆ బుద్ధి ఏడ నేర్సుకున్నడో నాకు ఇప్పుడు తెలిసింది.

అంతలనే మల్లయ్య లేసి లొల్లి పెట్టిండు. “సార్, ఆ రామయ్య మా తాతనే. గీ ముచ్చట మా ఇంట్ల తరతరాలుగ చెప్పుకుంటరు, ఎవలు నమ్మకపోయేది. ఇగో రుజువు. దీంట్ల ప్రతి అక్షరం నిజం. రాసుకోన్రి సార్.”

ఏఈ సారు పెన్ను తీసిండు. “ప్రతి అక్షరం నిజమేనా మల్లయ్యా?”

“మా తాత మీద ఒట్టు సార్.”

“అట్లయితె శుక్రవారం వంతు గూడ నిజమే కదా.”

తూము కాడ మళ్ల నవ్వులు. ఈసారి మల్లయ్య మీద. ఆఖరికి ఆయన గూడ నవ్విండు. “తియ్యి అన్నా, కాలువ మా పొలంల నించే తీసుకపో. కని శుక్రవారం మధ్యాహ్నం నేను బువ్వకు ఇంటికి పోను, ఒడ్డు మీదనే తింట” అన్నడు.

సారు ఒక ఫారం ఇచ్చిండు. పేరు, సర్వే నంబరు రాసిన. తర్వాత ఒక గడి: ‘నీటి హక్కుకు ఆధారం.’ సారు ముఖం చూసిన. ఉన్నది ఉన్నట్టు రాయమన్నడు. రాసిన: ‘మా తాత నీళ్లు దొంగతనం చేసి దొరికినందువలన.’

కింద సాక్షి సంతకం కావాలె. ఎవల్ని బతిమాలాలె అని చుట్టు చూస్తున్న. మల్లయ్య నా చేతిల పెన్ను గుంజుకున్నడు.

“దీని మీద సంతకం ఇంకెవలతోని పెట్టియ్యకు అన్నా. నేనే పెడ్త.”