ఎవరికమ్మా చీర?

నాకు మా దీపిక అంటే కుళ్లు. ఇందులో దాచేదేముంది? తోడికోడళ్లు సొంత అక్కాచెల్లెళ్లలా ఉండాలని ఆమె పెళ్లిలో అందరూ అక్షింతలు వేసి మరీ చెప్పారు. అక్షింతలు వేసినవాళ్లు భోంచేసి ఇంటికి పోయారు. ఆమెతో ఒకే కప్పు కింద ఉంటున్నది నేను.

మాది ధర్మవరంలో పట్టుచీరల కొట్టు. కింద కొట్టు, పైన ఇల్లు. మా అత్త రామసుబ్బమ్మ మాటే రెండు చోట్లా చెల్లుతుంది. మా ఆయన చంద్రశేఖర్ మగ్గాలవాళ్ల దగ్గరికి తిరిగి సరుకు తెస్తాడు. మరిది అనిల్ కుమార్ బయటి ఊళ్ల దుకాణాలకు చీరలు వేస్తాడు. నేను పెనుకొండ నుంచి కోడలిగా వచ్చిన ఏడాదే అత్త నన్ను కొట్టు గుమ్మం పక్కన కూర్చోబెట్టింది. పరుపు మీద తెల్లదుప్పటి, కొనేవాళ్లకు ఎదురుగా నిలువుటద్దం, పక్కనుంచి వీధి వెలుతురు. గడప దాటి ఎవరు వచ్చినా మొదట పలకరించేది నేనే. "రండమ్మా, ఎవరికమ్మా చీర?" అంటాను. ఆ ఒక్క ప్రశ్నకు వచ్చే జవాబును బట్టి ఏ బీరువా తెరవాలో నాకు తెలిసిపోతుంది. ఆ చోటు పుట్టింటివాళ్లు ఇచ్చింది కాదు, మొగుడు ఇచ్చింది కాదు. నా నోటితో నేను సంపాదించుకున్నది.

ఇక దీపిక సంగతి. హిందూపురం పిల్ల. వాళ్ల నాయన రంగప్ప అక్కడ కాలిపోయిన మోటార్లకు తీగ చుట్టే కొట్టు నడుపుతాడు. ఈమె డిగ్రీ చదివి, బెంగళూరులో వెబ్‌సైట్లు చేయడం నేర్చుకుని, తిరిగి సొంత ఊరికే వచ్చి చిన్న చిన్న దుకాణాలకు సైట్లు చేసిపెట్టేది. మొట్టమొదట చేసింది వాళ్ల నాయన కొట్టుకే. తెరవగానే కనబడేది ఒకే మాట: "మోటారు కాలిపోయిందా?" దాని కింద ఫోను నంబరు. రొళ్ల నుంచి, గోరంట్ల నుంచి రైతులు పొలం గట్టు మీద నిలబడే ఆ మాట నొక్కి ఫోను చేసేవాళ్లట. ఈ కథ మా ఇంట్లో ఎన్నిసార్లు విన్నానో! అనిల్ పెళ్లిచూపుల నుంచి వచ్చి చెప్పాడు. అత్త వీధి వీధంతా చెప్పింది. చివరికి మా ఆయన కూడా నేను వడ్డించిన అన్నం తింటూ నాకే చెప్పాడు. ఒళ్లు మండదూ?

అసలు మంట ఇంకోటి ఉంది. పట్టుచీరల కొట్టు కోడలంటే రోజుకో చీర కడుతుందని లోకం అనుకుంటుంది. అమ్ముడుపోక మిగిలినవి, మడతల్లో రంగు తగ్గినవి మాకు వస్తాయి. ఇన్నేళ్లూ అత్త ఏది తీసిస్తే అదే కట్టుకున్నాను. దీపిక తన సంపాదనతో తనకు నచ్చింది కొనుక్కుని, అత్త ముందే కట్టుకుని తిరుగుతుంది. "రంగు బాగుండాది మే," అంటుంది అత్త. ఆ మాట నాతో ఒక్కనాడు అన్న పాపాన పోలేదు.

దీపిక పెళ్లైన ఏడాదికి మా కొట్టుకూ సైటు కావాలని అత్తకు బుద్ధి పుట్టింది. ఒక ఆదివారం అందరం కూర్చున్నాం. ముందు మెనూ తేల్చుకోవాలంది దీపిక.

"మెనూ అంటే ఏమి మే?" అంది అత్త.

"కొట్లో బీరువాల మీద పేర్లు రాసుకోలేదా అత్తా, అట్లాంటిది. ఏది యాడుండాదో వచ్చినోళ్లకు చెప్పేది."

ఇంకేముంది, తలా ఒకటి అందుకున్నారు. మామ ఫొటో అన్నిటికంటే ముందుండాలని అత్త. చీరల రకాలన్నీ వరసగా ఉండాలని మా ఆయన. చీరలు కొనే ఊళ్లన్నిటి పేర్లూ ఉండాలని అనిల్. పెళ్లి ఫ్లెక్సీలో బంధువుల ఫొటోల మాదిరి ఎవరినీ వదిలేట్టు లేరు. నన్నెవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

"బావా, ఇన్ని పేర్లు ఫోన్లో పెడితే మనిషి దిక్కు తెలీక వెనక్కి పోతాడు," అంది దీపిక మా ఆయనతో. "నాలుగో అయిదో ఉండల్ల. బొటనవేలికి అందేచోట ఉండల్ల. వచ్చినోళ్లు వాళ్ల నోటితో అనే మాటలే ఉండల్ల. టిష్యూ, బ్రొకేడు అనేది మన మాట, వాళ్లది కాదు."

"వాళ్ల మాట ఏందో నీకెట్ల తెలుస్తాదమ్మా?"

"రేపట్నుంచి గుమ్మం కాడ కూర్చొని వింటా."

గుమ్మం దగ్గర! నా చోట్లోనా!

మర్నాడే నా పక్కన ప్లాస్టిక్ స్టూలు వేసుకుని కూర్చుంది. మాట్లాడదు, నవ్వదు. నేను అడిగేదీ, వచ్చినవాళ్లు చెప్పేదీ చెవులు రిక్కించి వింటుంది. నా నోటి దగ్గరి ముద్ద లాక్కుంటున్నట్టే ఉండేది నాకు. ఒకరోజు పంతం పట్టి ఏమీ అడక్కుండా ఊరుకున్నాను. లేపాక్షి నుంచి వచ్చిన ఒకావిడ చెప్పులు విప్పుతూనే, "పెండ్లికూతురికమ్మా, మంచిది తియ్యి," అంది. ఈసారి దీపిక నవ్వింది. నోరు మూసుకున్నా లాభం లేకపోయింది.

వారం తిరక్కుండా సైటు తయారు. పైన పెద్ద అక్షరాలతో "ఎవరికమ్మా చీర?" అని రాసింది. కింద నాలుగే మాటలు. పెళ్లికూతురికి, వియ్యపురాలికి, చుట్టాలకు పెట్టడానికి, దేవతకు. ఎంత కిందికి జరిపినా ఫోను నంబరు మాత్రం కదలకుండా కనబడుతూనే ఉంటుంది. మామ ఫొటో అట్టడుగున, కొట్టు చరిత్ర పక్కన పెట్టింది. అత్త మొహం మాడ్చుకోబోతే, "పునాది కిందే కదా అత్తా ఉండేది," అని మురిపించేసింది.

నా ప్రశ్న అది! నా నోట్లోంచి వచ్చిన మాట, ఫోను అద్దంలో ఆమె తెలివే అన్నట్టు వెలిగిపోతోంది.

"ఏం బుర్ర మే నీది!" అని అత్త మెటికలు విరిచింది.

"ఆ మాట అక్కదే అత్తా. అక్క రోజూ అడిగేదే," అంది దీపిక.

"చూడండి దీని గుణం! తన గొప్ప గూడా తోడికోడలికి పంచుతాండాది."

ఇంక నేనేం మాట్లాడను? ఆమె నిజం చెప్పినా పేరు ఆమెకే వచ్చింది.

అంతటితో ఆగిందా? సైటులో పెట్టే చీరలకు ఫొటోలు కావాలి, ఫొటోలకు వెలుతురు కావాలి. మా కొట్టులో మంచి వెలుతురు ఉన్నది గుమ్మం దగ్గరే.

"హేమా, శ్రావణం దాకా నువ్వు పైన కూర్చొని ఫాల్స్ కుట్టుకో," అంది అత్త. "శ్రావణంలో ఫోన్ల మీద ఆర్డర్లు బాగా వచ్చినాయా, ఆ చోటు దీపికకే. రాలేదా, నీ చోటు నీకే. యాడికి పోతాది?"

కుట్టుమిషను ముందు కూర్చుని ఆర్డర్లు రాకూడదని దేవుళ్లందరికీ మొక్కుకున్నాను. సొంత కొట్టు బాగుపడకూడదని మొక్కుకున్న కోడలు ఇంకెక్కడైనా ఉంటుందా? ఉంటే ఉండనీ. నా చోటు నాక్కావాలి.

మొక్కు ఫలించినట్టే కనబడింది. ఒక మధ్యాహ్నం దీపిక ఫోను పట్టుకుని పైకి వచ్చింది. మొహం వాడిపోయి ఉంది. నాకు లోపల చల్లగా అనిపించింది.

"అక్కా, ఒకటి అర్థం కాకుండా ఉండాది. అందరూ 'చుట్టాలకు పెట్టడానికి' అనేదే నొక్కుతాండారు. లోపలికి పోయి ఒక్క చీరనే చూస్తారు. అంచు పెద్దది చేసుకొని చూస్తారు, కొంగు చూస్తారు. మళ్లీ వచ్చి దాన్నే చూస్తారు. కొనేది మాత్రం లేదు. పెట్టేవాళ్లు కట్టలకు కట్టలు తీసుకోవల్ల కదా? అందుకే ఆడ అయిదు చీరలకు తక్కువ కాకుండా పెట్టినా."

నాకు తెలుసు. బాగా తెలుసు.

గోరంట్ల నుంచి అక్కమ్మ అని ఒకామె ఏటా మా కొట్టుకు వస్తుంది. వెంట మొగుడు, అత్త, ఆడబిడ్డ. ఎవరికమ్మా అంటే "చుట్టాలకు పెట్టేదానికి" అంటుంది. గబగబా ఏరి పక్కన పెడుతుంది. ఒక్క చీర దగ్గర మాత్రం చెయ్యి ఆగుతుంది. మొగుడు వీధిలో ఫోను మాట్లాడుతున్నాడని చూసుకుని, దాన్ని భుజం మీద వేసుకుని అద్దంలో చూసుకుంటుంది. వెంటనే తీసేస్తుంది. నేను ఏమీ ఎరగనట్టు ఆ చీరను ఆ కట్టలో కలిపేస్తాను. ఇన్నేళ్లలో "నాకే" అని నోరు తెరిచి చెప్పిన ఆడమనిషి నా ఎదుట కూర్చోలేదు. పక్కన ఇంటివాళ్లంతా నిలబడి ఉంటే ఎట్లా అంటుంది? ఫోనులోనూ పాపం అలవాటుగా చుట్టాలమాటే నొక్కుతున్నారు. లోపల కట్టలో కలిపే హేమావతి లేదు, ఒక్క చీర కొనే వీలూ లేదు.

ఇదంతా నాలుక చివరదాకా వచ్చింది. మింగేశాను.

"నాకేం తెలుసమ్మా, చదువుకున్నదానివి నువ్వు," అన్నాను సూదిలోకి దారం ఎక్కిస్తూ.

ఆషాఢం సగమైంది. ఆర్డర్లు లేవు. అత్త దీపికను "ఏమి మే, ఇట్లాయె," అనడం మొదలుపెట్టింది. నా ప్రాణం లేచి వచ్చింది. ఇంకొన్నాళ్లు ఓపిక పడితే చాలు.

అప్పుడే నా ఖర్మ కాలింది. నీళ్లు తాగడానికని వంటింట్లోకి వెళ్తూ ఫోను మిషను మీదే వదిలేశాను. తిరిగి వచ్చేసరికి గుండుసూదుల కోసం వచ్చిన దీపిక అక్కడ నిలబడి ఉంది. ఫోను తెరిచే ఉంది. అందులో మా సైటు. చుట్టాల పేజీ. నెమలికంఠం రంగు చీర, మామిడిపిందెల అంచు. ఆ అంచును నేను ఎంత పెద్దది చేసి చూశానో అంతే పెద్దగా కనబడుతోంది.

"ఎవరికక్కా ఈ చీర?" అంది. మామూలుగానే అడిగింది.

"మా చెల్లెలికి పెడదామని," అనేశాను.

"సుధారాణక్కకా? ఆయమ్మకు ఈ రంగు నప్పదని నువ్వే అంటివి కదక్కా."

దీపిక నా మొహం చూసింది, ఫోను చూసింది, మళ్లీ నన్ను చూసింది. నవ్వి ఉంటే రెండు తిట్లు తిట్టి కడుపుమంట చల్లార్చుకునేదాన్ని. నవ్వలేదు. ఫోను మెల్లగా మిషను మీద పెట్టి కిందికి వెళ్లిపోయింది. గుండుసూదులు కూడా తీసుకుపోలేదు.

మర్నాటి పొద్దుటికి మెనూలో అయిదో మాట వచ్చింది. చివర కాదు, అన్నిటికంటే ముందు. "నాకే." అంతే. అక్కడ ఒక్కో చీరా విడిగా కొనుక్కోవచ్చు.

నేను చెప్పలేదు! నోరు కట్టుకుని కూర్చున్నానా, నా మొహంలోంచి చదువుకుని పోయింది మహాతల్లి.

ఇక చూడండి, ఆర్డర్లు. మధ్యాహ్నం అన్నాల వేళ దాటి, మగవాళ్లు పనుల మీద పోయాక కింద ఫోను మోగడం మొదలుపెట్టేది. ఒకామె చీర పక్కింటికి పంపమంటుంది. గోరంట్ల అక్కమ్మ ఏకంగా ఫోను చేసి, "బిల్లులో మాత్రం చుట్టాలకు అని రాయి తల్లీ," అంది. శ్రావణం మొదటి శుక్రవారం కాకముందే అత్త తీర్పు చెప్పేసింది. గుమ్మం పక్క చోటు దీపికది.

"అత్తా, అక్కను చూసే నాకు తెలిసింది. ఆ చోటు అక్కదే," అని దీపిక అంటూనే ఉంది. అత్త మళ్లీ గుణం గురించే మాట్లాడింది. మా ఆయన తల ఊపాడు. నాకు ఏడుపు వచ్చింది, దీపిక మీద కోపంతో కాదు, ఆమె మంచిదైనందుకు. చెడ్డదైతే హాయిగా తిట్టుకునేదాన్ని కదా.

వరలక్ష్మీవ్రతం ముందురోజు కొట్టు కిటకిటలాడుతోంది. అందరి గొంతులూ పైకి వినబడుతున్నాయి. దీపిక గొంతు కూడా. "రండమ్మా, ఎవరికమ్మా చీర?" అని నా యాసతో సహా అడుగుతోంది. మిషను ఆపేశాను. ఫోను తీశాను. ఫాల్స్ కుట్టిన డబ్బు నా ఖాతాలోనే ఉంది. మొదటి మాట నొక్కాను. నెమలికంఠం చీర ఇంకా ఉంది. కొనేశాను.

ఆర్డరు వచ్చినట్టు కింద ఫోను మోగింది. "అత్తా, నెమలికంఠం రంగుది పోయింది," అంటున్న దీపిక గొంతు, కొన్న పేరు చదివిందేమో, మధ్యలోనే ఆగిపోయింది.

"పోయిందా? యా ఊరికి? ఎవరికమ్మా?" అంది అత్త.

జవాబుకు బదులు బీరువా తలుపు తెరిచిన చప్పుడు వినబడింది.

"ఎవరికని అడుగుతాండా కదా!"

నేను మెట్ల మీదికి వచ్చాను. పరుపు నిండా జనం. మా ఆయన అప్పుడే చీరల మూట దించుతున్నాడు.

"నాకే," అన్నాను.

గట్టిగానే అన్నట్టున్నాను, అందరూ తలెత్తి చూశారు. అత్త నోరు తెరిచింది. "నీకా? ఇంటి కోడలివి, అడిగితే ఇయ్యనా?"

"అడగాల్సి వస్తాదనే ఇన్నేండ్లు అడగలేదత్తా. దుడ్లు కట్టేసినా."

మెట్లు దిగి వెళ్లి, పరుపు మీద దీపికకు ఎదురుగా, కొనేవాళ్లు కూర్చునే వైపు కూర్చున్నాను. ఈ వైపు కూర్చోవడం ఇదే మొదలు. ఇక్కణ్ణుంచి అద్దం ఎంత బాగా కనబడుతుందో నాకు తెలియనే తెలియదు. దీపిక చీర విప్పి, అంచు నా వైపు తిప్పి, ఒడుపుగా పరిచింది. నాకంటే బాగా పరిచింది, పాపిష్టిది. నేను దాన్ని భుజం మీద వేసుకుని, తీరిగ్గా, అందరూ చూస్తుండగా అద్దంలో చూసుకున్నాను.

"ఇది సరే," అన్నాను. "ఒక్కటి చూపిచ్చి కూర్చుంటే ఎట్ల మే? ఇంకో నాలుగు తియ్యి, చూస్తా."