మిద్దె మీది కాన్పు

ఆ రోజుల్లో అని మొదలుపెడితే చదివేవాళ్ళు వెంటనే రెండు జడలూ, లంగా ఓణీ, చేతిలో పలకా ఊహించుకుంటారు. అందుకని ముందే చెప్పేస్తున్నాను, నా ‘ఆ రోజులు’ నాలుగేళ్ళ కిందటివి. అప్పటికి నాకు అరవై ఆరేళ్ళు నిండి మూడు నెలలు. ఇప్పుడు డెబ్భై కాబట్టి, ఇక్కణ్ణుంచి చూస్తే అది చిన్న వయసే. చిన్న వయసులో ఉండాల్సిన తొందరపాటు, అన్నీ నాకు తెలుసన్న ధీమా, పెద్దవాళ్ళ మాట చెవిన పెట్టకపోవడం, ఇవన్నీ అప్పుడు నాలో పుష్కలంగా ఉండేవి. (పెద్దవాళ్ళంటే మా తోడికోడలు. ఆమెకు డెబ్భై రెండు. ఇంటిల్లిపాదికీ ఆమె పెద్దక్క.)

నేను వాషర్‌మెన్‌పేట్‌లో ఒక ఆస్పత్రి కాన్పుల వార్డులో ముప్ఫై మూడేళ్ళు నర్సుగా పనిచేశాను. ఎవరికి ఏ తేదీకి నెలలు నిండుతాయో కాగితం లేకుండా చెప్పేదాన్ని. పెద్ద డాక్టరమ్మ కూడా ఒకసారి తన లెక్క కొట్టేసి నా లెక్క రాసుకుంది. ఆ గర్వం నాకు పింఛనుతోబాటు ఇంటికొచ్చేసింది. వార్డు పనికి తోడు, నడివయసులో ఆరేళ్ళపాటు మా మిద్దె మీద తేనెటీగల పెట్టెలు రెండు పెట్టుకున్నాను. హెడ్ నర్సునయ్యాక తీరిక లేక మానేశాను. ఖాళీ పెట్టెలు అటకెక్కాయి. సరిగ్గా ఇరవై రెండేళ్ళ తర్వాత, ఫిబ్రవరి తొమ్మిదో తేదీ ఉదయం, పక్కింటి మెట్ల కింద పారేసిన వాషింగ్ మెషీన్‌లో తేనెటీగలు గూడు పెట్టాయనీ, ఇంటాయన మందు కొట్టించబోతున్నాడనీ తెలిసింది. నేను ఆగమని కేకేసి, చీర కుచ్చెళ్ళు ఎగదోపి, అటక మీది పెట్టె ఒకటి దింపాను.

ఇరవై రెండేళ్ళు అలవాటు తప్పిన చేతులు ఎలా ఉంటాయో ఆ రోజు తెలిసింది. ఈగలు సద్దుమణగాలని పెట్టిన పొగ వాటి మీదికి పోకుండా నా కళ్ళలోకే వచ్చింది. మెషీన్‌లోంచి ఒక్కో పట్టు కోసి, చెక్క చట్రాలకు అరటినారతో కట్టి పెట్టెలో దించేసరికి పదకొండున్నర. మొత్తం అయిదు చట్రాలు, మూడు కాట్లు. ఎడమ మణికట్టు మీద రెండు, ముక్కు మీద ఒకటి. మధ్యాహ్నానికి నా ముక్కు కజ్జికాయంత అయింది.

పెద్దక్క నా ముఖం వంక కాసేపు తదేకంగా చూసింది. “ఇప్పుడు నీ మొకానికి ఒక కళొచ్చింది లేవే,” అంది. తర్వాత మిద్దె మీద పెట్టెను చూసింది. ఎండాకాలం మొదలవగానే చుట్టాలందరికీ వడియాలు పెట్టేది ఆమె. మిద్దె మీద ఎండ అంతా తనదేనని ఆమె లెక్క.

“ఏమ్మే, ఈడ నేను వడియాలు పెట్టుకోవాల్నా, నీ ఈగలకి కాపలా కాయాల్నా?”

“ఇవి ఈగలు కాదక్కా, తేనెటీగలు.”

“ఏ ఈగైతే ఏంది, పిండి మీద వాలేదే కదా? మార్చి ఇరవై దాకా చూస్తా. ఆలోపల నీ పెట్టెలో పిల్లాజెల్లా కనబడిందా, ఉంచుకో, ఒక మూలకి జరిపి నేనే చోటిస్తా. లేదంటే ఇరవై ఒకటిన పెట్టె దించేసి నా పట్టా పరుస్తా. సరియా?”

“సరి,” అన్నాను. ఆమె మాటంటే మాటే. పైగా, అటక మీద రెండో పెట్టెను అప్పటికే చెదలు తినేశాయి. నాకున్నది ఒక్క పెట్టె, ఒక్క గూడు.

నాకు తేనెటీగల పెంపకం నేర్పినాయన్ని మేం పెట్టెలాయన అనేవాళ్ళం. ఆయన చెప్పిన పదకొండు సూత్రాలు పాత నోటుబుక్కులో వరస అంకెలతో రాసుకుని ఉన్నాను. నాలుగో సూత్రం: కొత్త పెట్టెలో చేర్చిన ఈగలు ఏ చిన్న ఇబ్బంది కలిగినా గుంపుగా లేచిపోతాయి, కాబట్టి నెల రోజులు పెట్టె వాకిట్లో రాణి అడ్డు ఉంచాలి. (రాణి అడ్డంటే సన్నటి చీలికలున్న రేకు ముక్క. కూలి ఈగలు దూరిపోతాయి, ఒళ్ళు పెద్దది కాబట్టి రాణి దూరలేదు. రాణి కదలకపోతే గుంపూ కదలదు.) తొమ్మిదో సూత్రం: కొత్త రాణి గదిలోంచి బయటపడిన పదో రోజుకు గుడ్లు పెడుతుంది. రెండూ నిజమే. రెండింటినీ నేను తు.చ. తప్పకుండా పాటించాను. వచ్చిన చిక్కంతా దాంతోనే.

నాలుగో రోజు పెట్టె తెరిచి చూస్తే ఒక్క గుడ్డు లేదు, రాణి లేదు. నా పొగ గందరగోళంలో పాత రాణి ఎక్కడో నలిగిపోయింది. కానీ ఈగలు తెలివైనవి. పాత రాణి పిల్లపురుగుల్లో ఒకదాన్ని కొత్త రాణిగా పెంచడానికి, పట్టు అంచున వేరుశనగ కాయలా వేలాడే రాణి గది ఒకటి అప్పుడే కట్టుకున్నాయి. లెక్క వేసి ఇరవయ్యో తేదీకి రాణి పుడుతుందని పెద్దక్కకు చెప్పాను. ఇరవయ్యో తేదీనే పుట్టింది, నల్లగా, పొడుగ్గా, చురుగ్గా. తొమ్మిదో సూత్రం ప్రకారం మార్చి రెండుకు గుడ్లని క్యాలెండరు మీద సున్నా చుట్టాను. వార్డులో తేదీ రాసినంత నమ్మకంగా.

ఆ తర్వాత వారానికి, ఫిబ్రవరి ఇరవై ఏడు మధ్యాహ్నం రెండూ యాభైకి, రాణి వాకిట్లో కనిపించింది. అడ్డు చీలికలోంచి తల బయటపెట్టి గింజుకుంటోంది. ఈ చివర్నించి ఆ చివరికి పరిగెత్తి, ఇంకో చీలిక దగ్గర మళ్ళీ గింజుకుంటోంది.

“చూడక్కా, పారిపోవాలని ఎట్టా చూస్తా ఉందో! అడ్డు పెట్టబట్టి సరిపోయింది,” అన్నాను, నా ముందుచూపుకు నేనే మురిసిపోతూ. ఒక కోడి ఈక తెచ్చి, మెల్లిగా దాని తల లోపలికి నెట్టాను. “ఎక్కడికే పోయేది? బుద్ధిగా కూర్చో.” తేదీ రాకముందే ఇంటికి పోతామనే ఆడవాళ్ళతో వార్డులో అనే మాటే అది. మర్నాడు రెండూ నలభై అయిదుకు మళ్ళీ వచ్చింది. ఆ మర్నాడు మూడూ అయిదుకు. నేను రోజూ టైము రాసుకున్నాను, రోజూ ఈకతో నెట్టాను. పారిపోవాలనుకునేది రోజూ అదే వేళకు, ఎండ బాగా కాసేటప్పుడే ఎందుకు వస్తుందని మాత్రం నాకు తట్టలేదు.

మార్చి రెండు వచ్చింది. గుడ్లు లేవు. భూతద్దం పెట్టి అయిదు చట్రాలూ గదిగదీ చూశాను. మూడున లేవు, నాలుగున లేవు. ఈలోగా గూడు పలచబడుతోంది. రోజూ ఉదయం తొమ్మిదింటికి నిమిషానికి ఎన్ని ఈగలు బయటినుంచి వస్తున్నాయో లెక్కపెట్టేదాన్ని. మొదట్లో ముప్ఫై నాలుగు, తర్వాత ఇరవై ఆరు, మార్చి అయిదున పదిహేడు. పాతవి ఆయుష్షు తీరి రాలిపోతుంటే కొత్తవి పుట్టడం లేదు. ఇంకో మూడు వారాలు ఇలాగే పోతే పెద్దక్క దించాల్సిన పని లేకుండానే పెట్టె ఖాళీ అయిపోతుంది. మందు నుంచి కాపాడతానని తెచ్చిన ప్రాణాలు నా చేతుల్లోనే పోతున్నాయని అన్నం సయించేది కాదు. పంచదార పాకం చిక్కగా చేసి పెట్టాను. పెట్టె మీద తడి గోనె కప్పాను. చూలింతరాలికి చేసే ఉపచారాలన్నీ చేశాను.

“ఇంకేం, గాజులు కూడా తొడిగి సీమంతం చేసెయ్,” అంది పెద్దక్క.

మార్చి ఆరున, మూడు కావస్తుండగా, ఆమె చంకలో చుట్టిన పట్టాతో పైకొచ్చింది, ఎండ ఎంతమేర పడుతోందో కొలుచుకోవడానికి. రాణి అప్పుడే వాకిట్లోకొచ్చి గింజుకుంటోంది. నేను ఈకతో సిద్ధంగా ఉన్నాను. పెద్దక్క నడుం మీద చెయ్యేసుకుని వంగి చూసింది.

“ఇంతకీ దీని మొగుడెవురే? లోపలే ఉండాడా?”

నాకు ఉత్సాహం వచ్చింది. ఇన్నాళ్ళకు ఆమె ఒక మంచి ప్రశ్న అడిగింది. ట్రైనింగు పిల్లలకు పాఠం చెప్పే గొంతుతో అందుకున్నాను. “దీనికి పెట్టెలో మొగుడుండడక్కా. పుట్టిన వారానికి, మధ్యాన్నం పూట మంచి ఎండలో, ఇది బయటికి ఎగిరిపోయి, ఆడ ఆకాశంలో వేరే గూళ్ళ మగ ఈగల్ని కలుసుకుని...”

అక్కడ నా నోరు ఆగిపోయింది.

“ఊఁ, కలుసుకుని?” అంది పెద్దక్క.

ఆమె రేకు అడ్డు చూసింది. నా చేతిలో ఈక చూసింది. తర్వాత నా ముఖం చూసింది.

“అయ్యయ్యో! అంటే ఏందే, పెళ్ళి కావాల్సిన పిల్లని లోపల పెట్టి తాళమేసి, వాకిట్లో ఈక పట్టుకోని నిలబడి, కాన్పెప్పుడు కాన్పెప్పుడని అడగతా ఉండావా? పదైదు దినాలుగా?”

“పద్నాలుగు,” అన్నాను. (అంత సిగ్గులోనూ లెక్క దిద్దకుండా ఉండలేకపోయాను.)

ముప్ఫై మూడేళ్ళు కాన్పులు చూసినదాన్ని. పిల్లలు ఎలా పుడతారో నాకు ఇంకొకరు గుర్తు చెయ్యాల్సి వచ్చింది. నవ్వాలో ఏడవాలో తెలీక అడ్డు మీద చెయ్యి వేశాను, కానీ తీయలేకపోయాను. తీస్తే, గుంపు గుంపంతా రాణి వెనకే లేచిపోతే? నాలుగో సూత్రం ప్రకారం ఇంకా అయిదు రోజులుంది. అదే మాట పెద్దక్కతో అన్నాను.

“తియ్యవే. పోతే పోతుంది. ఇట్టనే ఉంచితే మాత్రం నీకేం మిగల్తుంది?”

రేకును పట్టి ఉంచిన మేకులు రెండూ లాగేశాను. రాణి గడప దాకా వచ్చి ఒక్క క్షణం నిలబడింది. తర్వాత గాల్లోకి లేచి, ఇల్లు గుర్తు పెట్టుకోవడానికి కాబోలు, పెట్టె చుట్టూ మూడుసార్లు తిరిగి, నీళ్ళ ట్యాంకుల మీదుగా వెళ్ళిపోయింది. మూడూ రెండు నిమిషాలు. మేమిద్దరం చెరో బకెట్టు బోర్లించుకుని కూర్చున్నాం. అయిదు నిమిషాలు. పది. కేబుల్ తీగ మీద తేనెటీగల్ని తినే పచ్చపిట్ట ఒకటి వచ్చి వాలింది. అదేం చేస్తుందో నేను చెప్పానో లేదో, డెబ్భై రెండేళ్ళ మా పెద్దక్క లేచి, వడియాల పట్టా విప్పి, రెండు చేతులా గాల్లో ఊపడం మొదలుపెట్టింది.

“పో! పోతావా లేదా! ఆ పిల్ల తిరిగొచ్చేదాకా ఈ పక్క రావాకు!”

ఎదుటి మిద్దెల మీద బట్టలు ఆరేసుకుంటున్నవాళ్ళు ఆగి చూశారు. ఆమె లక్ష్యపెట్టలేదు. మూడూ ఇరవై ఒకటికి రాణి వచ్చి గడప మీద వాలింది. తోక చివర తెల్లటి నూలుపోగు లాంటిది అంటుకుని ఉంది. జత కలిసినట్టు గుర్తు అది. కూలి ఈగలు చుట్టుముట్టి లోపలికి తీసుకుపోయాయి. ఒక్క ఈగా లేచిపోలేదు.

“పందొమ్మిది నిమిషాల్లో పెళ్ళయిపోయిందా?” అంది పెద్దక్క చెమట తుడుచుకుంటూ. “భోజనాలే లేవు.”

మార్చి పదిన గుడ్లు కనిపించాయి, గదికొకటి, తెల్లగా, నిలువుగా. పెద్దక్క చప్పట్లు కొట్టబోతే ఆపాను. నా భయం ఇంకా తీరలేదు. జత సరిగ్గా కలవని రాణి కూడా గుడ్లు పెడుతుంది, కాకపోతే అన్నీ మగవే పుడతాయి. మగ ఈగలు పని చెయ్యవు, తేనె తేవు, కూర్చుని తింటాయి. అవే పుడితే గూడు అంతటితో సరి. వారం రోజులు ఆలస్యం చేసింది నేను. ఏవి పుడతాయో తెలియాలంటే గదులకు మూతలు పడేదాకా ఆగాలి. మగవాటి గదుల మూత బోర్లించిన గిన్నెలా ఉబ్బుతుంది. కూలి ఈగలన్నీ ఆడవి, వాటి మూత సమంగా ఉంటుంది. ఎనిమిది రోజులు పెట్టె ముట్టుకోకుండా ఉన్నాను. నా జీవితంలో అంత కష్టమైన పని ఇంకొకటి చేసిన గుర్తు లేదు.

మార్చి పద్దెనిమిది, ఉదయం పదీ ఇరవై. మూడో చట్రం పైకి తీసి వెలుతురుకు పట్టాను. మూతలన్నీ చపాతీ పీటలా సమంగా ఉన్నాయి. ఒక్కటి ఉబ్బలేదు. మళ్ళీ మొదటినుంచీ లెక్కపెట్టాను.

వార్డులో నా పనుల్లో ఒకటి, తలుపు దగ్గరకు వెళ్ళి బయట కాచుకున్నవాళ్ళకు సంగతి చెప్పడం. ఆడపిల్ల అని చెప్పినప్పుడు కొన్ని ముఖాలు ముడుచుకుపోయేవి. అందుకని ఆ మాటను ఉప్పూ కారం లేని గొంతుతో చెప్పడం అలవాటు చేసుకున్నాను. ఆ రోజు పిట్టగోడ దగ్గరకు పరిగెత్తి, వీధి వాకిట్లో ఉన్న పెద్దక్కను చూసి అరిచాను.

“అక్కా! ఆడపిల్లలక్కా! అంతా ఆడపిల్లలే!”

పెద్దక్క చేతిలో చెంబు కింద పెట్టి, తల పైకెత్తి, రెండు చేతులూ జోడించింది. ఎదురుగా బండి మీద ఇస్త్రీ చేస్తున్నాయన ఇస్త్రీపెట్టె ఎత్తి పట్టుకుని, “యారుక్కు మా కుళంద?” అని అరవంలో అడిగాడు, కాన్పు ఎవరికని.

“ఎంగ రాణిక్కు!” అంది పెద్దక్క, మా రాణికేనని. ఆ ‘మా’ ఎప్పణ్ణుంచి వచ్చిందో నాకు తెలీదు.

“ఎత్తన?” ఎంతమందని.

ఆమె నా వంక చూసింది.

“రెండొందల పన్నెండు!” అని చెప్పాను.

ఆయన ఇస్త్రీపెట్టె దించేశాడు, చొక్కా మీద కాదు, అదృష్టం.

ఇప్పుడు మిద్దె మీద నాలుగు పెట్టెలున్నాయి. మధ్యలో ఒక గూడు చెప్పాపెట్టకుండా లేచిపోయింది కూడా. తేదీ రాసుకుని, పెట్టె కడిగి ఎండబెట్టాను, అంతే. అంతకంటే కంగారు పడే ఓపిక డెబ్భై ఏళ్ళకు ఉండదు. కానీ ఆ రోజు, ఆ అరవై ఆరేళ్ళ పిల్ల, పెట్టె మూత వెయ్యడం కూడా మరిచిపోయి, మోకాళ్ళున్న సంగతే గుర్తులేనట్టు, పెద్దక్కను కావలించుకోవడానికి మెట్లన్నీ గబగబా దిగింది. ఇప్పుడు అవే మెట్లు నేను గోడ పట్టుకుని దిగుతాను. ముప్ఫై ఎనిమిది. ఒక్కోసారి సగంలో ఆగి, పక్కనుంచి దూసుకుపోయే ఆ పిల్లకు దారి ఇస్తున్నట్టు, కాస్త గోడవైపుకు ఒత్తిగిలి నిలబడతాను.