ఏడాది నిండకముందు దిగిన లోయ

ఈ ఉదయం సస్కటూన్ నుంచి ఫోన్. మా తోడికోడలి మోకాలి ఆపరేషన్ మళ్ళీ వాయిదా పడిందట. చెప్పింది ఆవిడ కాదు, ఆవిడ వీధిలోనే ఉండే రిటైర్డ్ డాక్టరుగారి భార్య. చెప్పి ఊరుకున్నా బాగుండేది. "ఏం చేస్తామమ్మా, ఏడాది తిరక్కుండానే కొండెక్కింది కదా, ఊరికే పోతుందా?" అని ఒక నిట్టూర్పు కూడా జతచేసింది. పొయ్యి మీద పాలు పొంగి స్టవ్వంతా పారాయి. ఈ దేశంలో మోకాలి ఆపరేషన్ కోసం కాచుకుని ఉన్నవాళ్ళందరినీ వరసగా నిలబెడితే మా మిస్సిసాగా నుంచి వాంకూవర్ దాకా వస్తారు, వాళ్ళంతా మైలలో కొండెక్కినవాళ్ళేనా ఆంటీ, అని అడిగాను. "నీతో ఎవరు వాదిస్తారులేమ్మా" అని పెట్టేసింది. అదే నా బాధ. నాతో ఎవరూ వాదించరు. వాదిస్తే ఒక పూటలో తేలిపోయేది. వాదించకుండా వెళ్ళి ఊరందరికీ చెప్పుకుంటారు. అందుకని ఆ కొండెక్కడమేమిటో, అసలు అక్కడ కొండ ఉందో లేదో, నేనే చెప్తాను.

మా బావగారు, అంటే మా ఆయన అన్నగారు, సస్కటూన్ యూనివర్సిటీలో భూగర్భశాస్త్రం చెప్పేవారు. ఏటా వేసవి రాగానే విద్యార్థులను వ్యాన్లలో ఎక్కించుకుని దక్షిణం వైపు పోయేవారు. ముందు గ్రాస్‌లాండ్స్ నేషనల్ పార్క్, అక్కణ్ణుంచి పడమటికి, అల్బర్టాలోని బ్యాడ్‌ల్యాండ్స్. చెట్టూ చేమా లేని ఎండునేలలు, వానకు కోసుకుపోయిన లోయలు. తిరిగొచ్చేటప్పటికి ముక్కు తోలు ఊడి, గడ్డం పెరిగి, సంచీ నిండా రాళ్ళతో దిగేవారు. ఆ రాళ్ళు కిటికీ గట్ల మీద, షూ రాక్‌లో, ఆఖరికి పూజగదిలో దేవుళ్ళ పక్కన కూడా చేరాయి. మేం వెళ్ళినప్పుడు ఒకసారి నేను పొరపాటున ఒక రాయికి కూడా బొట్టు పెట్టాను. మా అక్కయ్య (తోడికోడలిని నేను అలాగే పిలుస్తాను) ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివి, విత్తనాల ల్యాబులో ఉద్యోగం చేస్తూ, ఆ వేసవులన్నీ ఇద్దరు పిల్లలను ఈతకీ, పియానోకీ, పళ్ళ డాక్టరు దగ్గరికీ తిప్పుతూ గడిపింది. తనూ వస్తానంటే ఆయన ఒకటే మాట అనేవారట: "అక్కడేముందోయ్, మట్టీ దుమ్మూ. రిటైరయ్యాక తీరిగ్గా తీసుకెళ్తాలే." రిటైరయ్యారు. తీరిక దొరికింది. జూన్‌లో వెళ్ళడానికి దారిలో మోటెల్ గదులు కూడా ఆయనే బుక్ చేశారు. ఫిబ్రవరిలో ఒక పొద్దున డ్రైవ్‌వేలో మంచు తోస్తూ తోస్తూ కూలిపోయారు.

ఏప్రిల్‌లో అక్కయ్య ఫోన్ చేసింది. "ఆ గదులు నేను క్యాన్సిల్ చెయ్యలేదే. నువ్వొస్తావా?" అంది. వస్తానన్నాను. ఆయన జ్ఞాపకంగా, ఆయన తిరిగిన చోట్లు చూడాలని కాబోలు అనుకుని, గొంతు కాస్త మెత్తగా పెట్టి ఓదార్చబోయాను. "ఏం ఓదార్పు! ముప్పై ఏళ్ళ వేసవులు నన్నొదిలేసి ఎక్కడున్నారో చూడాలి మీ బావగారు. చూసి అక్కడే నాలుగు తిట్టి రావాలి" అంది. నాకు ప్రాణం లేచొచ్చింది. ఇంకో సంగతి కూడా చెప్పింది. మోకాలిలో గుజ్జు పూర్తిగా అరిగిపోయింది, ఇంజెక్షన్ ఇచ్చారు, దాని బలం ఈ వేసవి వరకే. తరవాత ఆపరేషనే గతి. ఆపరేషనయ్యాక మాల్‌లో నడవొచ్చు కానీ రాళ్ళలో దిగి ఎక్కడం మరచిపొమ్మన్నారు. అంటే వెళ్తే ఈ జూన్‌లో వెళ్ళాలి. లేకపోతే లేదు.

ఇంట్లో ఒకరు పోతే ఏడాది నిండేదాకా ఆ ఇంటివాళ్ళు కొండ ఎక్కకూడదన్న మాట మనవాళ్ళకి కొత్తగా చెప్పక్కర్లేదు. ఎక్కకూడనిది కొండ మీది గుడి. మహాసముద్రాలు దాటి వస్తుంటే దారిలో గుడి ఎక్కడో జారిపోయి వీళ్ళ చేతిలో ఉత్త కొండ మిగిలింది. నేను టికెట్లు చూస్తున్నానని తెలియగానే మా ఆయన ల్యాప్‌టాప్ మూసి, "వదిన వెళ్ళకూడదు. ఏడాది లోపల కొండలేమిటి?" అన్నాడు. ఇదే మనిషి, అన్నగారు పోయిన నెల తిరక్కుండా ఆఫీసువాళ్ళతో బారీ అనే ఊరి అవతల మంచులో జారే స్కీ కొండకి పోయి, లిఫ్టులో ఎక్కి, జారుతూ దిగి, మళ్ళీ ఎక్కి వచ్చాడు. అదేమిటంటే టీమ్ బిల్డింగట. పైగా లిఫ్టులో కూర్చుంటే ఎక్కినట్టు కాదట. అప్పుడే కాలేజీ నుంచి వచ్చిన మా అమ్మాయి ఫోన్‌లో ఆ లోయ ఫోటో వెతికి చూసి, "డాడ్, ఇట్స్ లిటరల్లీ ఎ హోల్" అని ఒక్క ముక్కలో తేల్చేసింది. నిజమే. అక్కడ ప్రెయిరీ, అంటే గడ్డిమైదానం, అంతా రోకలితో చదును చేసినట్టుంటుంది. ఉన్నట్టుండి నేల చీలి లోపలికి దిగిపోతుంది. కొండ అన్నది కంటికి కనపడదు.

కూతురి మాట నచ్చలేదు కాబట్టి మా ఆయన సస్కటూన్ డాక్టరుగారికి ఫోన్ చేశాడు. ముప్పై ఏళ్ళు జనానికి పొట్టలు కోసి కుట్టిన మనిషి, రిటైరయ్యాక అక్కడి తెలుగువాళ్ళందరికీ ధర్మసందేహాలు తీరుస్తూ ఉంటారు. ఫోన్ స్పీకర్‌లో పెట్టాడు. ఆయన చాలాసేపు ఆలోచించి, "చూడమ్మా, దిగడానికి శాస్త్రంలో నాకేం అభ్యంతరం కనపడటంలా. కానీ దిగినవాళ్ళు మళ్ళీ పైకి రావాలిగా? అది ఎక్కడమే అవుతుంది" అన్నారు.

"అయితే అక్కయ్యని అక్కడే ఉండిపొమ్మంటారా అంకుల్?" అన్నాను.

మా ఆయన స్పీకర్ ఆపేశాడు. చివరికి వాళ్ళిద్దరూ కలిసి కుదిర్చిన రాజీ ఏమిటంటే, అక్కయ్య వెళ్ళొచ్చు, గట్టు మీద నిలబడి చూడొచ్చు, దిగకూడదు. చూసుకోవడానికి తోడుగా మా ఆయన వస్తాడు. ఇన్ని మాటల్లో ఆవిడకేం కావాలని ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు, ఆవిడని అడగలేదు.

సస్కటూన్‌లో దిగి అక్కయ్య కారులోనే బయలుదేరాం. మా ఆయన డ్రైవింగ్, ముందు సీట్లో అక్కయ్య, వెనక నేనూ పులిహోర డబ్బాలూ. గ్రాస్‌లాండ్స్‌లో రెండు రోజులున్నాం. నేలనంటిన కాక్టస్‌కి పసుప్పచ్చని పూలు. సేజ్ ఆకు నలిపితే కర్పూరం లాంటి ఘాటు. ప్రెయిరీ డాగ్స్ అనే ఉడతజాతి బొరియల్లోంచి లేచి నిలబడి, మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌వాళ్ళలాగా వచ్చేపోయేవాళ్ళని తనిఖీ చేస్తున్నాయి. అక్కయ్య అన్నీ చూసింది. ఒక మట్టిదిబ్బ మీద వ్యూ పాయింట్ ఉంటే, "వద్దులే వదినా, ఎందుకొచ్చిన గొడవ" అని మా ఆయన ఆవిడని కిందే కూర్చోబెట్టాడు. పది నిమిషాలు గడిచాయో లేదో ఆఫీసు నుంచి కాల్ వచ్చి, సిగ్నల్ అందక, తనే ఆ దిబ్బ చివరికంటా ఎక్కి మాట్లాడాడు. దిగి వచ్చాక నేను నోరు తెరవబోతే, "అది దిబ్బ, కొండ కాదు" అన్నాడు. అక్కయ్య నీళ్ళ సీసా మూత బిగిస్తూ నా వైపు ఒక చూపు చూసింది. అప్పుడే అర్థం కావలసింది నాకు.

మూడోరోజు బ్యాడ్‌ల్యాండ్స్ చేరాం. ఆవచేలలాంటి కెనోలా చేల మధ్య రోడ్డు, రోడ్డు పక్కన కారు పార్కింగ్, పార్కింగ్ అంచున నేల లేదు. కింద లోయ. గోడలకు అడ్డంగా చారలు, బూడిదరంగు, దాని కింద బొగ్గు నలుపు, దాని కింద పాత ఇటుక ఎరుపు, మళ్ళీ బూడిద. గాలికి వేడి మట్టివాసన పైకి కొడుతోంది. కిందికి చెక్కమెట్లు, మెట్లు అయిపోయాక ఉత్త కాలిబాట. నేను మెట్ల దగ్గరికి నడిచాను. మా ఆయన అడ్డంగా నిలబడ్డాడు. గట్టు మీదే అన్న మాట ఏమైందన్నాడు. ఆ మాట ఇచ్చిందెవరు, పుచ్చుకుందెవరు అన్నాను. "నీకు ప్రతిదీ వాదనే" అన్నాడు. "నీకు ప్రతిదీ కొండే" అన్నాను. అతను డాక్టరుగారికి డయల్ చేశాడు. "అంకుల్, ఇక్కడ మెట్లున్నాయి. మెట్లుంటే ఎలా లెక్క?" అని అడుగుతున్నాడు. ఆయన అవతల దగ్గుతున్నారు. పక్కన ఆర్‌వీ అనే ఇల్లులాంటి బండిలోంచి దిగినవాళ్ళు మమ్మల్ని చూస్తూ శాండ్‌విచ్‌లు తింటున్నారు. నా జన్మలో అంత గట్టిగా అరిచి ఉండను. అంత అరుపులోనూ నాకు వెనక ఏదో వెలితిగా తోచి తిరిగి చూద్దును కదా, అక్కయ్య లేదు.

కింద ఉంది. చెక్కమెట్లన్నీ దాటేసి కాలిబాట మీద, బావగారి నీలం టోపీ పెట్టుకుని, చేతికర్ర ఆనించుకుంటూ, ఒక్కసారి కూడా వెనక్కి చూడకుండా నడిచిపోతోంది. నేను పరుగెత్తాను. మా ఆయన పై మెట్టు దగ్గర ఆగిపోయాడు. తనూ ఆ ఇంటివాడే మరి. తను పెట్టిన గీత దాటలేక, చేతిలో ఫోన్‌తో, "వదినా! వదినా!" అంటూ ఉండిపోయాడు.

నేను చేరేసరికి ఆవిడ లోయ అడుగున ఒక ఇసుకరాతి మీద కూర్చుని ఉంది. చుట్టూ పుట్టగొడుగుల్లా నిలబడ్డ రాళ్ళు, ఎక్కడో ఒక పిట్ట కూత, నెత్తిన ఎండ. పక్క గోడలోని నల్లటి చార మీద అరచెయ్యి వేసి, గోడతో మాట్లాడుతోంది. మాట్లాడటమేమిటి, కడిగేస్తోంది. "ఇదాండీ మీరు చెప్పిన మట్టీ దుమ్మూ? పిల్లాడికి నూటనాలుగు జ్వరమొస్తే ఒక్కదాన్నీ పరుగెత్తానే, అప్పుడు మీరు ఇక్కడున్నారా? పక్కన చోటు లేదా? నేనేమన్నా బరువా మీ వ్యానుకి?" కుక్కతో నడిచివస్తున్న ఒక జంట ఆగి, అంతా బాగానే ఉందా అని అడిగారు. భర్తతో మాట్లాడుతోందని చెప్పాను. వాళ్ళు భర్త కోసం అటూ ఇటూ చూసి, కుక్కని లాక్కుని వెళ్ళిపోయారు.

కాసేపటికి గొంతు తగ్గింది. "ఎంత బాగుందే" అంది నాతో. "అదే నాకు మండిపోతోంది. ఏమీ లేని చోటు అయ్యుంటే, పోనీలే పాపం అని ఈపాటికి క్షమించేసేదాన్ని. ఇంత బాగుంటుందని తెలిసి ఒక్కడే చూసుకున్నాడు మనిషి." ఆయన్ని ఏకవచనంలో ఆవిడ అనగా వినడం అదే మొదలు, అదే ఆఖరు. నీళ్ళ సీసా మూత తీసి అందించాను. ఇద్దరం నీళ్ళు తాగాం. ఆవిడ తనివి తీరేదాకా కూర్చున్నాం.

ఎక్కడం కష్టమైంది. సగం దారిలో మోకాలు పట్టేసి అక్కయ్య చెక్కమెట్టు మీద కూలబడింది. పెదవులు తెల్లగా పాలిపోయాయి. నేను ఒక్కదాన్నీ లేపలేకపోయాను. పైకి చూశాను. మా ఆయన ఒక మెట్టు దిగాడు, ఆగాడు, ఫోన్ జేబులో పెట్టుకున్నాడు, గబగబా వచ్చేశాడు. వదినగారి చెయ్యి తన భుజం మీద వేసుకుని, "మెల్లిగా వదినా, తొందరేం లేదు" అంటూ గట్టు దాకా ఎక్కించాడు. కారు దగ్గర నాతో మాత్రం చెవిలో, "అంకుల్‌కి చెప్పకు" అన్నాడు. ఇన్నాళ్ళూ చెప్పలేదు. ఇవాళ ఆంటీ ఫోన్ తరవాత చెప్తున్నాను. అవే మెట్లు, అదే ఏడాది, మా ఆయనా ఎక్కాడు. ఆ డిసెంబరులో ఆయనకి ప్రమోషన్ వచ్చింది. అది కొండెక్కడం వల్ల వచ్చిందని ఎవరూ అనలేదే!

ఆ వేసవి చివర్లో, చెప్పినట్టే, ఇంజెక్షన్ బలం అయిపోయింది. ఫిబ్రవరిలో సంవత్సరీకానికి మేమూ వెళ్ళాం. భోజనాల దగ్గర డాక్టరుగారు గారె తుంచుకుంటూ, "ఇంక మీకు ఏ అడ్డూ లేదమ్మా, నిక్షేపంగా ఎక్కడికైనా వెళ్ళిరావచ్చు" అన్నారు అక్కయ్యతో. వంటింటి గట్టు పట్టుకుంటే తప్ప నాలుగడుగులు వెయ్యలేని మనిషి, "అలాగేనండీ" అని ఆయన విస్తట్లో ఇంకో గారె వేసింది. ముందటేడు ఆవిడని ఆపబోయినప్పుడు అందరూ చెప్పిన ఓదార్పు మాట గుర్తొచ్చింది నాకు, ఏడాదెంతసేపు, ఇట్టే తిరిగిపోతుంది అని. తిరిగిపోయిన మాట నిజమే. పోతూ పోతూ ఆవిడ కాళ్ళు కూడా పట్టుకుపోయింది.