గిద్దలూరు గుడిలో ఫ్రెంచి ప్రార్థన

దయ్యాల మాట నా దగ్గర ఎత్తి మా వార్డు ఆయాలు తిట్లు తినేవాళ్ళు. బతుకంతా నర్సుగా చేసినదాన్ని. శవాల గది తాళంచెవులు చాలా కాలం నా నడుముకే వేలాడాయి. కరెంటు లేని రోజుల్లో బుడ్డి దీపం పట్టుకొని ఒక్కదాన్నే ఆ గదిలోకి పోయి వచ్చేదాన్ని. అక్కడ నాకు ఎలుకలు తప్ప ఇంకేమీ కనపడలేదు.

అయినా ఒక్క సంగతి మాత్రం ఉంది. మా నాయన ప్రాణంతో ముడిపడ్డది కాబట్టి దాన్ని నవ్వి తోసెయ్యలేను. జరిగింది జరిగినట్టు చెబుతాను. ఆపైన మీరేమనుకున్నా సరే.

తెల్లవాళ్ళ కాలం అది. అప్పట్లో మాది కర్నూలు జిల్లా. మార్కాపురం దగ్గర పలకల గనుల్లో మా నాయన కూలి. మా అమ్మ కూడా గని గట్టు మీద కూర్చొని పలకలు చెక్కేది. ఆ దుమ్ము పీల్చి పీల్చి దగ్గుతో పోయింది. నేను ఒక్కదాన్నే బిడ్డను. నాయనకు ఒకటే పట్టుదల, నా నోట్లోకి ఆ దుమ్ము పోకూడదని. మిషన్ బడిలో వేసి చదివించాడు.

బడి ముగిసిన ఏడాది పాండిచ్చేరిలో ఒక ఆసుపత్రివాళ్ళు నర్సు చదువుకు నన్ను తీసుకుంటామన్నారు. ఒకటే చిక్కు. అక్కడ పాఠాలన్నీ ఫ్రెంచిలో చెబుతారు. వానలు పడేలోగా ఆ భాష మాట్లాడటం వస్తే సీటు. రాకపోతే గని గట్టు మీద మా అమ్మ కూర్చున్న చోటే నేనూ కూర్చోవాలి.

గిద్దలూరు మిషన్ బంగళాలో ఒక ముసలి దొరసానమ్మ ఉండేది. ఆమె సొంత భాష ఫ్రెంచి. భర్త పోయినా తన దేశం పోకుండా ఇక్కడే ఉండిపోయింది. ఆ వేసవికి నన్ను తన దగ్గర పెట్టుకుంది.

ఆమె పద్ధతి వేరు. పుస్తకం లేదు, రాసుకోవడం లేదు. పొద్దున గంట కొట్టిన దగ్గర నుంచి దీపాలు పెట్టే దాకా ఫ్రెంచి తప్ప ఇంకో మాట మాట్లాడకూడదు. ఆకలేసినా, తేలు కుట్టినా ఫ్రెంచిలోనే చెప్పాలి. వంటింట్లో కుండలో చెయ్యి ముంచి, తడి చెయ్యి నా మొహం ముందు ఆడించి "లో" అనేది. అంటే నీళ్ళు. వంట చేసే సుందరమ్మత్త పొయ్యి దగ్గర కూర్చొని మమ్మల్ని చూసి కొంగు అడ్డం పెట్టుకొని నవ్వుకునేది. మొదటి వారమంతా నాకు ఏడుపొక్కటే తక్కువ.

తెలుగుకు సెలవు దొరికే చోటు గుడి ఒక్కటే. ఆదివారం ఆరాధన, వారం మధ్యలో మధ్యాహ్నం ఆడవాళ్ళ కూడిక. దొరసానమ్మ కూడా వచ్చేది. ఆమెకు కింద కూర్చోవడం చేతకాదు కాబట్టి ముందు కిటికీ పక్కన కుర్చీ వేసేవాళ్ళు. మేమందరం చాపల మీద.

మా సంఘాల్లో ఒక అలవాటుంది. పాస్టరు అయ్యగారు "అందరం కలిసి ప్రార్థన చేద్దాం" అనగానే ఎవరి కష్టం వాళ్ళు, ఎవరి మాటల్లో వాళ్ళు, అందరూ ఒకేసారి గట్టిగా ప్రార్థిస్తారు. కొత్తవాళ్ళకు అది సంత గోలలా ఉంటుంది. మాకు కాదు. కళ్ళు మూసుకునే ఏ గొంతు ఎవరిదో, ఎవరి మొగుడికి జబ్బో, ఎవరి గొడ్డు తప్పిపోయిందో చెప్పగలం.

వచ్చిన కొత్తలో, ఒక ఆదివారం ఆ గోలలో నా వెనక నుంచి ఫ్రెంచి వినపడింది.

దొరసానమ్మే అనుకున్నాను. కళ్ళు తెరిచి చూస్తే ఆమె ముందు కుర్చీలో పెదవులు బిగించుకొని కూర్చుంది. ఆమె ఎప్పుడూ మౌనంగానే ప్రార్థించేది. గొంతు మాత్రం వెనక నుంచే వస్తోంది. ఆడమనిషి గొంతు. దొరల యాస కాదు, మన నోటి ఫ్రెంచి. ధారాళంగా మొదలైంది. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. దాంతోపాటు ఘాటుగా ఏదో మందు వాసన. వెనక్కి తిరిగాను. ఆ క్షణంలో గొంతు ఆగింది. నా వెనక ఖాళీ చాప, దాని వెనక సున్నం కొట్టిన గోడ. ముందుకు తిరిగి కళ్ళు మూసుకున్నాక మళ్ళీ మొదలైంది. ఈసారి నెమ్మదిగా, చంటిపిల్లకు అన్నం ముద్దలు పెట్టినట్టు ఒక్కో మాటా విడివిడిగా.

ఇంటికి వచ్చి దీపాలు పెట్టాక సుందరమ్మత్తను పట్టుకున్నాను. ఇన్నేళ్ళు దొరసానమ్మ వంటింట్లో ఉంది కదా, ఈమే నేర్చుకొని నన్ను ఆటపట్టిస్తోందని నా అనుమానం. ఆమె నోరెళ్ళబెట్టింది. ఉప్పు అడిగితే చింతపండు ఇచ్చేదాన్ని, నాకెక్కడిది ఆ బాస అంది. తర్వాతి కూడికకు కావాలనే నా వెనక వచ్చి కూర్చుంది. ఆ రోజూ గొంతు వచ్చింది. సుందరమ్మత్త తెలుగులో తన కొడుకు కోసం ప్రార్థిస్తోంది, దాని మీదుగా ఆ ఫ్రెంచి, ఆమె కూర్చున్న చోటి నుంచే. ఆమెకు మాత్రం ఏమీ వినపడలేదట.

భయమేసిందా అంటే వేసింది. ఎవరితో చెప్పుకోను? పగలంతా ఫ్రెంచిలోనే మాట్లాడాలి, ఆ భయం చెప్పుకునేంత ఫ్రెంచి నాకు రాదు. చివరికి ఒక మధ్యాహ్నం దొరసానమ్మతో కలిసి తోటలో బట్టలు ఆరేస్తూ, కట్టుబాటు తప్పి, గడగడా తెలుగులో అంతా చెప్పేశాను. కోప్పడుతుందనుకున్నాను. ఆమె చేతిలోని తడి దుప్పటి దండెం మీద వేసి నా వైపు తిరిగింది. ఆ వేసవి మొత్తంలో ఆమె నాతో తెలుగు మాట్లాడింది అప్పుడొక్కసారే. బైబిలు చదివి నేర్చుకున్న తెలుగు ఆమెది.

"భయపడవద్దు. ఆమె ఏమి అడుగుచున్నదో వినుము."

అంతే. మళ్ళీ ఫ్రెంచిలోకి పోయి ఇంకో దుప్పటి అందించమంది.

విన్నాను. ఇంకేం చేస్తాను? ఇక్కడ మీరు ఒకటి గమనించాలి. ఆ గొంతు ప్రతిసారీ అవే మాటలు అనేది. మారింది నేను. "లో" ఒక్కటే ముందు దొరికింది. ఎవరో నీళ్ళు అడుగుతున్నారనుకున్నాను. కొన్నాళ్ళకు దొరసానమ్మ గోడ మీది ఫొటోలో తన తండ్రిని చూపించి "పేర్" అని చెప్పింది. ఆ వారం గుడిలో రెండు మాటలు దొరికాయి. నీళ్ళు, మా నాయనకు. ఇంకొన్నాళ్ళకు కందిపప్పు ఏరుతుంటే చేటలో నుంచి చిన్న రాయి తీసి నా అరచేతిలో పెట్టి "పియేర్" అంది. బల్ల కింద దూరిన పిల్లిని చూపించి "సూ", అంటే కింద, అనే మాట చెప్పింది కూడా అప్పుడే.

ఆ ఆదివారం నేను గుడికి పోకుండా ఉంటే ఎంత బాగుండునో అనిపించింది. "ద లో పూర్ మొ పేర్. సూ లా పియేర్." మా నాయనకు నీళ్ళు. రాయి కింద.

గుడిలో అందరూ ఎవరి గోడు వాళ్ళు చెప్పుకుంటున్నారు. రాయి కింద పనిచేసే నాయన ఆ చాపల మీద కూర్చున్నవాళ్ళలో నాకు తప్ప ఇంకెవరికి ఉన్నాడు?

ఆ రోజే మా నాయన రైలెక్కి నన్ను చూడ్డానికి వచ్చాడు. దీపాలు పెట్టాక బంగళా వసారాలో కూర్చోబెట్టి సంగతంతా చెప్పాను. నేను పాండిచ్చేరి పోనని, నువ్వు గనిలో దిగొద్దని ఏడ్చాను. గని మానేస్తే ఏం తిని బతకాలని అడిగాడు. అయితే దిగేటప్పుడు నీళ్ళన్నా వెంట తీసుకుపొమ్మన్నాను.

ఇది చిన్న మాట కాదు. మా గనుల్లో కిందికి నీళ్ళు తీసుకుపోరు. దాహమేస్తే గట్టు మీదికి ఎక్కి వచ్చి తాగి పోవాల్సిందే. కింద నీళ్ళు ఒలికితే రాతి పొరల్లోకి దిగి రాయి జారుతుందని వాళ్ళ నమ్మకం. బాప్తిస్మం తీసుకున్నవాళ్ళు కూడా దాన్ని మాత్రం వదల్లేదు. నీళ్ళతో దిగినవాడి పక్కన పని చెయ్యడానికి ఎవరూ ఒప్పుకోరు.

"ఏందమ్మా ఈ గోల? నీళ్ళు పట్టుకోని దిగితే మేస్త్రీ నన్ను కొండ దాకా తరుముతాడు" అని నవ్వినాడు. నేను ఏడుపు ఆపలేదు. కాసేపటికి ఆయన నవ్వు ఆగింది. భుజం మీది తువ్వాలు తీసి నా మొహం తుడిచినాడు.

"సరే, ఇను. నువ్వు పాండిచ్చేరికి పో. నేను సొరబుర్ర నడుముకు కట్టుకోని, పైన పంచె చుట్టుకుంటా. నువ్వు మాట తప్పితే నేనూ తప్పుతా. అట్లయితే ఒప్పుకుంటావా?"

ఒప్పుకున్నాను. ఎండిన సొరకాయ బుర్రలో నీళ్ళు చాలాసేపు చల్లగా ఉంటాయి. పొలాలకు పోయేవాళ్ళందరూ వాడేవాళ్ళు. సుందరమ్మత్త తనది ఇచ్చింది. ఆ తర్వాతి కూడికలో ఆ గొంతు రాలేదు. ఆ వేసవిలో మళ్ళీ రానేలేదు.

వానలు మొదలయ్యాయి. నేను పాండిచ్చేరి పోయాను.

అక్కడ చదువులో పడ్డాక గిద్దలూరు సంగతి మెల్లగా మసకబారింది. కొత్త చోట, కొత్త భాషలో పిచ్చి ఊహలు పోయి ఉంటానని నాకు నేనే చెప్పుకున్నాను. ఫ్రెంచి బాగా పట్టుబడింది. నిద్రలో కూడా ఫ్రెంచిలోనే కలవరిస్తున్నానని నా పక్క మంచం పిల్ల ఎగతాళి చేసేది. సాయంత్రాలు ఆసుపత్రి గుడిలో మా నర్సుల ప్రార్థన సహవాసం జరిగేది. అక్కడివాళ్ళ పద్ధతి ప్రకారం ఒకరి తర్వాత ఒకరు లేచి ప్రార్థించాలి. నేనూ ఫ్రెంచిలోనే ప్రార్థించేదాన్ని.

చదువు ఇంకా ముగియలేదు. ఒక సాయంత్రం వార్డులో పుండ్లు కడుగుతుంటే మా ఊరి అయ్యగారి దగ్గర నుంచి తంతి వచ్చింది. గని కూలింది, నాయన లోపల ఉన్నాడు, ప్రార్థన చెయ్యండి అని.

రైలు మరునాడు గాని లేదు. కార్బాలిక్ మందు కంపు కొట్టే చేతులతోనే గుడిలోకి నడిచాను. చివరి వరసలో కూర్చున్నాను. నా వంతు వచ్చింది. నిలబడి కళ్ళు మూసుకొని మొదలుపెట్టాను. మాటలు వరదలా వచ్చాయి. నాయన గనిలో ఉన్నాడని, ఊపిరి ఆడుతుందో లేదోనని, ప్రభువా ఆయనకు గుక్కెడు నీళ్ళు అందించమని.

అప్పుడు ఆముదం వాసన వచ్చింది. తలకు దండిగా ఆముదం రాసుకున్న పిల్ల ఎవరో సరిగ్గా నా ముందు కూర్చున్నట్టు. ఆ ఆసుపత్రిలో తలకు ఆముదం రాసేవాళ్ళు ఎవరూ లేరు. నేను కూడా ఊరు వదిలినప్పుడే మానేశాను. కళ్ళు తెరవలేదు, కానీ ముందున్న ఆ పిల్ల వెనక్కి తిరిగి నన్ను చూస్తోందని నాకు తెలిసింది. నా గొంతు ఆగిపోయింది.

ఆగిన ఆ చోటే నాకు అర్థమైంది. ఆ ఆగడం నేను ఇంతకుముందు గిద్దలూరు గుడిలో విన్నాను.

నా నోట్లో పెద్ద పెద్ద మాటలు ఎన్నో ఉన్నాయి. అవన్నీ మింగేసి, వంటింట్లో దొరికిన మాటలు, చేటలో దొరికిన మాటలు మాత్రం ఏరుకున్నాను. ఒక్కొక్కటి విడివిడిగా, నెమ్మదిగా అన్నాను. ద లో పూర్ మొ పేర్. సూ లా పియేర్. ఎన్నిసార్లు అన్నానో గుర్తు లేదు. తోటి నర్సులే వచ్చి నన్ను కూర్చోబెట్టారు.

నాయన బతికే ఉన్నాడని మరునాడు రైలెక్కబోతుంటే ఇంకో తంతి అందింది.

ఇంటికి పోయేసరికి కాలు కట్టు కట్టించుకొని మంచం మీద ఉన్నాడు. పడ్డ పొరల నడుమ సందులో ఇరుక్కుపోయాడట. మాట మీద నిలబడి అన్నాళ్ళుగా బుర్ర నడుముకు కట్టుకొనే దిగుతున్నాడట. తువ్వాలు తడిపి ముక్కుకు అడ్డం కట్టుకొని, గుక్క గుక్క దాచుకొని తాగుతూ తోటి కూలీలు రాయి తొలిచే దాకా బతికి ఉన్నాడు. ఆ వేడిలో, ఆ దుమ్ములో నీళ్ళు లేకపోతే శవమే దొరికేదని డాక్టరు అన్నాడు. కూలీలు మాత్రం బుర్ర వల్లే రాయి జారిందని గొణిగారు. ఆ మాట నన్ను ఈనాటికీ అప్పుడప్పుడు పొడుస్తుంది. ఏది దేనికి కారణమో నాకు తెలియదు.

"మార్తా, గుడిలో ఆ మాట నీకు చెప్పింది ఎవరమ్మా?" అని నాయన అడిగినాడు. నా చేతులు పట్టుకోని వాసన చూసి, ఏందీ మందు కంపు అని మొహం తిప్పుకున్నాడు.

ఆయన తర్వాత చాలా ఏళ్ళు బతికి, ముసలితనంతో నిద్రలో పోయాడు. దొరసానమ్మా పోయింది. నేనిప్పుడు ఆమె వయసు కూడా దాటాను. దీనికి కారణం ఏమిటని నన్ను అడగకండి. ఎన్ని విధాలుగా ఆలోచించినా లెక్క కుదరడం లేదు.

మా గుడిలో అందరం కలిసి ప్రార్థించేటప్పుడు నాకు ఇప్పటికీ ఫ్రెంచే ముందు వస్తుంది. చిన్న చిన్న మాటలే వాడతాను. నెమ్మదిగా అంటాను. ముందు కూర్చున్న ఆ పిల్లకు భాష ఇంకా సరిగా రాదు కదా.